ఒక కంపెనీకి ఒక ఓటా? ఒక ఉద్యోగికి ఒక ఓటా?

ముందు ఒక చిన్న లెక్క చూద్దాం. ఒక కాలేజీలో నాలుగు బ్రాంచీలు ఉన్నాయనుకోండి. సీఎస్ఈలో 240 మంది, ఈసీఈలో 120, మెకానికల్‌లో 60, సివిల్‌లో 40. ఫెస్ట్ డబ్బులు ఎలా ఖర్చు పెట్టాలో ఓటు వేసి తేల్చాలి. బ్రాంచికి ఒక ఓటు అంటే మిగతా మూడూ కలిసి సీఎస్ఈని ఓడించొచ్చు. మనిషికి ఒక ఓటు అంటే 460లో 240 సీఎస్ఈవే, మిగతావాళ్ళు మీటింగుకి రాకపోయినా ఒకటే. రెండు పద్ధతులూ న్యాయంగానే కనిపిస్తాయి. రిజల్ట్ మాత్రం తలకిందులు.

ఫ్రాన్స్‌లో కంపెనీ యజమానుల మధ్య సరిగ్గా ఇదే గొడవ నడిచింది. అందులో చిన్నవాళ్ళ వైపు నిలబడ్డ సంఘం పేరు సీపీఎంఈ, అంటే చిన్న, మధ్యతరహా సంస్థల సమాఖ్య. ఈ వ్యాసం దాని గురించే.

ఎలా పుట్టింది?

1936లో ఫ్రాన్స్ అంతా సమ్మెలు. ఫ్యాక్టరీల్లోనే కూర్చుని పనివాళ్ళు పని ఆపేశారు. జూన్ 7న ప్రధాని లియోన్ బ్లూమ్ సమక్షంలో కార్మిక సంఘానికీ యజమానుల సంఘానికీ మాతిన్యోన్ ఒప్పందం కుదిరింది. జీతాలు 7 నుంచి 15 శాతం వరకు పెంచడానికి ఒప్పుకున్నారు. పనివాళ్ళకి ఇది పెద్ద విజయం. కానీ సంతకం పెట్టిన యజమానుల సంఘంలో పెద్ద పరిశ్రమలదే మాట. పదిమందితో వర్క్‌షాప్ నడిపే యజమానికి మాత్రం "నన్ను అడక్కుండా నా తరఫున సంతకం ఎవరు పెట్టారు?" అనిపించింది.

ఆ కోపాన్ని ఒక సంస్థగా మార్చినవాడు లియోన్ జేంజాంబ్ర్. (ఆ ఇంటిపేరుకి ఫ్రెంచ్‌లో అల్లం అని అర్థం. మనిషి కూడా ఘాటుగానే ఉండేవాడట!) 1944లో ఆయన సీజీపీఎంఈని స్థాపించాడు. 1968 మే సమ్మెల తర్వాత జరిగిన గ్రెనెల్ చర్చల్లో చిన్న సంస్థల తరఫున ఆయనే కూర్చున్నాడు. 2017లో పేరులోంచి ఒక అక్షరం తీసేసి సీపీఎంఈ అని మార్చుకున్నారు. 2015 నుంచి 2025 మొదటి వరకు అధ్యక్షుడిగా ఉన్న ఫ్రాన్స్వా ఆస్లాన్‌ది పాత కట్టడాల మరమ్మతు, చెక్కపని చేసే కుటుంబ సంస్థ. సంఘం ఎలాంటివాళ్ళదో దీన్నిబట్టి ఒక ఐడియా వస్తుంది.

యజమానులంతా ఒకటే కదా, రెండు సంఘాలు ఎందుకు?

నాకు మొదట వచ్చిన డౌట్ ఇదే. కానీ పెద్ద కంపెనీ, చిన్న కంపెనీ చాలాసార్లు టేబుల్‌కి ఎదురెదురుగా కూర్చుంటాయి. పెద్దది కొంటుంది, చిన్నది సప్లై చేస్తుంది. సరుకు అందాక డబ్బు ఎప్పుడిస్తారు అన్నది చిన్నదానికి చావుబతుకుల సమస్య. జీతాలు నెలాఖరుకి ఇవ్వాల్సిందే, బిల్లు మాత్రం మూడు నెలలకి వస్తే ఎలా? అందుకే ఫ్రాన్స్ 2008లో చట్టం చేసి ఇన్వాయిస్ తేదీ నుంచి 60 రోజులు, లేదా నెలాఖరు లెక్కన 45 రోజులు అని గడువు పెట్టింది. మన దేశంలోనూ 2006 చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకి ఇవ్వాల్సిన డబ్బు 45 రోజులు దాటకూడదు. సమస్య రెండుచోట్లా ఒకటే.

ఇంకోటి, రూల్స్ బరువు. ఫ్రాన్స్‌లో 50 మంది ఉద్యోగులు దాటితే కంపెనీ మీద చాలా కొత్త బాధ్యతలు పడతాయి. కంపెనీల సైజుల గ్రాఫ్ గీస్తే 49 దగ్గర గుంపు, 50 దగ్గర ఒక్కసారిగా పల్లం కనిపిస్తుందని ఆర్థికవేత్తలు చూపించారు. లీగల్ టీమ్ ఉన్న పెద్ద కంపెనీకి ఇది మామూలు పని. చిన్న యజమాని రాత్రి షట్టర్ దించాక తనే కూర్చుని ఫారాలు నింపుకోవాలి.

అసలు గొడవ: ఎలా లెక్కపెట్టాలి?

ఫ్రాన్స్‌లో యజమానుల సంఘాలు మెమోరాండాలు ఇచ్చి ఊరుకోవు. కార్మిక సంఘాలతో కలిసి నిరుద్యోగ బీమా నడిపే యూనెడిక్ లాంటి సంస్థల్లో కూర్చుంటాయి. వాళ్ళు కుదుర్చుకున్న ఒప్పందాన్ని ప్రభుత్వం విస్తరిస్తే, సంఘంలో చేరని కంపెనీలకి కూడా అది వర్తిస్తుంది. కాబట్టి ఆ కుర్చీలో ఎవరు కూర్చోవాలి అన్నది చిన్న విషయం కాదు.

చాలా ఏళ్ళు దీనికి సరైన కొలత లేదు. 2014 చట్టం మొదటిసారి లెక్క తీయమంది. ఫలితాలు 2017లో వచ్చాయి. సంఘాల్లో చేరిన కంపెనీలను లెక్కపెడితే పెద్ద సంఘం మెదెఫ్‌కి సుమారు 29 శాతం, సీపీఎంఈకి 35, చేతివృత్తులవాళ్ళూ స్వతంత్ర వృత్తులవాళ్ళూ ఉన్న యూ2పీకి 36. అంటే మెదెఫ్ మూడో స్థానం. అదే ఆ కంపెనీల్లో పనిచేసే ఉద్యోగులను లెక్కపెడితే మెదెఫ్‌కి 71 శాతం, సీపీఎంఈకి 25, యూ2పీకి 4. డేటా అదే, కాలమ్ మార్చగానే మొదటివాడు చివరికీ చివరివాడు మొదటికీ వెళ్ళిపోయారు!

మరి ఏ కాలమ్ తీసుకోవాలి? 2016లో సంఘాల మధ్య రాజీ కుదిరింది, ఆగస్టు 8 నాటి చట్టంలోకి ఎక్కింది: కంపెనీల సంఖ్యకి 30 శాతం వెయిటేజ్, ఉద్యోగుల సంఖ్యకి 70. మనమే లెక్క వేద్దాం. మెదెఫ్‌కి 0.3 × 29 + 0.7 × 71, సుమారు 58. సీపీఎంఈకి 28, యూ2పీకి 14 వస్తాయి. వెయిటేజ్ చెరి సగం చేసినా మెదెఫ్ 50 దగ్గరే ఆగుతుంది. పైగా ఒప్పందాన్ని విస్తరించకుండా అడ్డుకునే హక్కుకి ఉద్యోగుల సంఖ్యే కొలత, సగం దాటితే చాలు. అంటే జాతీయ స్థాయిలో మెదెఫ్ ఒక్కటే అడ్డుకోగలదు. మిగతా రెండూ కలిసినా ఆ పని చేయలేవు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఒకే వృత్తి సమాఖ్య మెదెఫ్‌లోనూ సీపీఎంఈలోనూ సభ్యత్వం తీసుకోవచ్చు. అప్పుడు దాని కంపెనీలను ఇద్దరి మధ్యా పంచాలి. డేటాబేస్ క్లాసులో డూప్లికేట్ రికార్డులు తీసేయమంటారే, ఇక్కడ వాటిని బేరమాడి పంచుకుంటారు.

రెండో వైపు కూడా చూడాలి

చిన్నవాడు అనగానే మంచివాడు అనుకోకూడదు. సీపీఎంఈ యజమానుల సంఘమే, పనివాళ్ళది కాదు. "మా మీద రూల్స్ తగ్గించండి" అని వాళ్ళు అడిగినప్పుడు, ఆ రూల్స్‌లో కొన్ని పనివాళ్ళ రక్షణ కోసం పెట్టినవే. చిన్న కంపెనీల పనివాళ్ళ గొంతు ఇంకా సన్నం. 11 మంది కంటే తక్కువ ఉన్న సంస్థల ఉద్యోగులు ఏ కార్మిక సంఘం కావాలో చెప్పడానికి విడిగా ఎన్నికలు పెడతారు. 2021లో ఓటు వేసింది సుమారు 5.4 శాతం మందే. యజమాని "నన్ను అడగలేదు" అంటున్నాడు సరే, అతని దగ్గర పనిచేసే మనిషిని ఎవరు అడిగారు?

మళ్ళీ మన కాలేజీ లెక్కకి వద్దాం. 30-70 పెడితే సీఎస్ఈకి 44 శాతం వస్తుంది. మెజారిటీ పోతుంది, అయినా అందరికంటే పెద్ద బ్రాంచి అదే. ఇది న్యాయమా? నేను సీఎస్ఈ, నా సమాధానం నమ్మకండి. ఒకటి మాత్రం అర్థమైంది. కోడ్‌లో వెయిట్స్ రాసేటప్పుడు 0.3, 0.7 అని టైప్ చేసి ముందుకి వెళ్ళిపోతాం. ఇక్కడ ఆ రెండు అంకెల వెనక 1936 నుంచి ఎనభై ఏళ్ళ గొడవ ఉంది. రేపు మనం రాసే ఏ ర్యాంకింగ్ సిస్టమ్‌లోనైనా ఆ అంకెలు పెట్టేముందు, టేబుల్ దగ్గర ఎవరు లేరో ఒకసారి చూసుకుందాం.