ఇల్లు కొన్నారు సరే... కెమెరా తాళంచెవి ఎవరి దగ్గరుంది?

పాల్వంచలో పాత ఇల్లు కొని గృహప్రవేశానికి రంగులు వేయిస్తుంటే, వాకిలి పైన, మెట్ల దగ్గర, పెరటి గోడలోంచి నల్ల వైర్లు వేలాడుతూ కనిపించడం ఇప్పుడు మామూలే. పాత యజమాని సీసీ కెమెరాలు పెట్టించుకున్న ఆనవాళ్లవి. కొన్ని ఇళ్లలో కెమెరాలూ అలాగే ఉంటాయి. ‘వైరింగ్ ఉంది కదా, ఖర్చు మిగిలింది’ అనుకుంటారు కొన్నవారు. ‘సామాను నాది, విప్పుకుపోతా’ అంటారు అమ్మినవారు. మరి చట్టం ఎవరి పక్షం?

ఆస్తి బదిలీ చట్టం 1882లో వచ్చింది. దాని 8వ సెక్షన్ ప్రకారం ఇల్లు అమ్మితే, వేరేగా రాసుకోనంతవరకు, తాళాలు, తాళంచెవులు, గడియలు, తలుపులు, కిటికీలు, ఇంటితో శాశ్వతంగా వాడుకోవడానికి అమర్చినవన్నీ కొన్నవారికి వెళ్తాయి. గోడలో పైపు వేసి, ప్లాస్టరింగ్ కింద లాగిన వైరు ఈ కోవలోకే వస్తుంది. రిజిస్ట్రేషన్ అయ్యాక గోడ తవ్వి దాన్ని లాక్కుపోతామంటే కుదరదు.

కెమెరాలు, వాటి దృశ్యాలు రికార్డయ్యే డీవీఆర్ పెట్టె సంగతి అంత తేలిక కాదు. కాగజ్‌నగర్‌లోని సిర్పూర్ పేపర్ మిల్లు ఎక్సైజ్ సుంకం కేసులో ఇలాంటి ప్రశ్నే సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. కాంక్రీటు దిమ్మెకు బిగించినంత మాత్రాన కాగితం యంత్రం స్థిరాస్తి అయిపోదని, అది కదలకుండా సరిగా పనిచేయడానికే అలా బిగించారని కోర్టు తేల్చింది. ఆ తర్కం ప్రకారం చూస్తే నాలుగు స్క్రూలు విప్పితే ఊడొచ్చే కెమెరాను తనదేనని వాదించడానికి అమ్మినవారికి వీలుంది. ఇంటి శాశ్వత వాడకానికే పెట్టారు కదా అని కొన్నవారూ వాదించవచ్చు. ఈ పేచీకి విరుగుడు ఒక్కటే. అగ్రిమెంటులోనే ఎన్ని కెమెరాలు, ఏ డీవీఆర్, ఎన్ని పాయింట్లకు వైరింగ్ ఉందో జాబితా రాసి ఇద్దరూ సంతకాలు చేయాలి.

అయితే వైరు మీద హక్కు రావాలంటే ముందు ఇంటి మీద హక్కు రావాలి.

పాల్వంచ చుట్టుపక్కల పల్లెలు చాలావరకు షెడ్యూల్డ్ ప్రాంతంలోనివే. అక్కడ 1/70 చట్టం కింద స్థిరాస్తిని గిరిజనేతరులకు బదిలీ చేస్తే, అమ్మేది గిరిజనులైనా గిరిజనేతరులైనా, ఆ బదిలీ చెల్లదు. ఈ చట్టాన్ని సుప్రీంకోర్టు 1988లో సమర్థించింది. నోటరీ కాగితం మీదో, జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీదో కొన్న ఇంటికి యాజమాన్య హక్కు రాదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులోనూ స్పష్టం చేసింది. కాబట్టి ఇల్లు షెడ్యూల్డ్ హద్దులో ఉందో లేదో తేల్చుకున్నాకే అడ్వాన్సు చేతిలో పెట్టాలి.

ఇక వైరు పనికొస్తుందా? డబ్బు పూర్తిగా కట్టకముందే టెక్నీషియన్‌తో ప్రతి పాయింటూ పరీక్ష చేయించాలి. పాత కెమెరాలకు ఎక్కువగా వాడే 3+1 కేబుల్ మీద కొత్త హెచ్‌డీ కెమెరాలూ పనిచేస్తాయి. ఐపీ కెమెరాలు కావాలంటే మాత్రం క్యాట్-6 లాంటి నెట్‌వర్క్ కేబుల్ ఉండాలి. అందులో ఒక్కో కేబుల్ పొడవు 100 మీటర్లు దాటకూడదు. వాన నీరు దిగి కనెక్టర్లు తుప్పుపట్టి ఉంటే వాటిని కోసి కొత్తవి వేయించాలి.

అసలు ప్రమాదం వైరులో లేదు, అది చేరే పెట్టెలో ఉంది. పాత యజమాని ఫోన్‌లోని యాప్‌కు ఆ డీవీఆర్ ఇంకా జతై ఉండవచ్చు. అంటే ఇల్లు అమ్మేసినవారు తమ ఊళ్లో కూర్చుని కొత్తవారి వాకిలి చూడగలరు. పాస్‌వర్డ్ తెలిసిన మెకానిక్ కూడా చూడగలడు. 2025 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్ ప్రసూతి ఆసుపత్రి కెమెరా దృశ్యాలు ఇంటర్నెట్‌లో అమ్మకానికి వచ్చాయి. తేలిగ్గా ఊహించగల పాస్‌వర్డే మార్చకుండా ఉంచారని వార్తలొచ్చాయి. 1882 చట్టం తాళంచెవుల్ని కొన్నవారికి ఇమ్మంది. ఈనాటి తాళంచెవి పాస్‌వర్డే. తాళాలతో పాటు దాన్నీ అడిగి తీసుకుని, అమ్మినవారి ఎదుటే వారి ఖాతా నుంచి పెట్టెను తొలగించి, ఫ్యాక్టరీ రీసెట్ చేయించి, కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోవాలి. హార్డ్ డిస్క్‌లో అమ్మినవారి ఇంటి దృశ్యాలుంటే వాటిని చూడకుండా చెరిపేయడం కొన్నవారి మర్యాద. పెట్టె మరీ పాతదైతే వైరు ఉంచుకుని పెట్టె, కెమెరాలు మార్చడం మేలు. కొత్త సీసీ కెమెరాలకు కేంద్రం తెచ్చిన భద్రతా పరీక్షల నిబంధన 2025 ఏప్రిల్ 9 నుంచి అమల్లోకి వచ్చింది.

యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్ వ్యవస్థలోకి చొరబడటం ఐటీ చట్టం 43వ సెక్షన్ కిందికి వస్తుంది. దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద 3 ఏళ్ల వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఏకాంతంలో ఉన్న మహిళను దొంగచాటుగా చూసినా, చిత్రీకరించినా భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద మొదటిసారికే ఏడాదికి తగ్గకుండా జైలు.

హక్కుతో పాటు హద్దూ ఉంది. పాత పాయింటు ఎక్కడుంటే అక్కడే కెమెరా బిగిస్తే అది పక్కింటి కిటికీనో, పై వాటాలో అద్దెకున్నవారి గుమ్మాన్నో చూడవచ్చు. ఒకే ఇంట్లో ఉంటున్న మిగతావారి సమ్మతి లేకుండా నివాస భాగంలో కెమెరాలు నడపడం గోప్యతకు భంగమని కలకత్తా హైకోర్టు చెప్పిన తీర్పులో 2025 మేలో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో 9 మంది న్యాయమూర్తులు గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించారు. ఆ హక్కు పొరుగువారికీ ఉంది.

ఎవరో తమ కెమెరాలోకి చూస్తున్నారని అనుమానం వస్తే ముందు ఇంటర్నెట్ వైరు పీకేసి, లాగిన్ వివరాలు చెరపకుండా ఫొటో తీసుకుని, స్థానిక పోలీస్ స్టేషన్‌లో లేదా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయాలి. ఫుటేజీని కోర్టులో చూపాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలి. వకీలును పెట్టుకునే స్తోమత లేనివారు న్యాయ సేవాధికార సంస్థ నంబరు 15100కు ఫోన్ చేయవచ్చు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా అక్కడ ఉచిత న్యాయ సహాయం అందుతుంది.