పుల్లకేం తెలుసు?

పాత వాషర్‌మెన్‌పేట్,
చెన్నై.

చి. చిట్టికి,

పెళ్ళి పనుల్లో మునిగిపోయి కూడా నాలుగు పేజీల ఉత్తరం రాశావు. అందులో మూడున్నర పేజీలు కళ్ళలో పెట్టుకునే కాంటాక్ట్ లెన్సుల గురించే! పెళ్ళికొడుకు గురించి అరపేజీ. సరేలే, ఆ సంగతి ఎదురుగా కూర్చున్నప్పుడు అడుగుతాను.

"వేలు కంట్లో పెట్టాలంటే ఒళ్ళు జలదరిస్తోంది పిన్నీ. ఆన్‌లైన్‌లో ఒక పుల్ల తెప్పించుకున్నాను, దాంతో అయితే చెయ్యి తగలక్కర్లేదు కదా" అని రాశావు. నువ్వు పంపిన ఆ పుల్ల డబ్బా ఫొటో చూడగానే నవ్వొచ్చింది, ఎందుకంటే అలాంటి డబ్బాయే నా కుట్టుమిషను సొరుగులోనూ ఉంది. కత్తెర పట్టీ పట్టీ నా బొటనవేళ్ళ కీళ్ళు అరిగిపోయాక కొన్నాను. కాబట్టి దాన్ని వాడొద్దని చెప్పే అర్హత నాకు లేదు. వేళ్ళు వణికేవాళ్ళకీ, కీళ్ళ నొప్పులవాళ్ళకీ, నీలా భయపడేవాళ్ళకీ అది మంచి ఆసరా. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. కానీ చెయ్యి తగలక్కర్లేదన్నావే, అక్కడే నీతో పేచీ.

ముందు ఆ డబ్బాలో ఏది దేనికో తెలుసుకో. చివర్ల మెత్తటి సిలికాన్ తొడుగులున్న చిన్న ట్వీజర్, లెన్స్‌ని దాని గూట్లోంచి పైకి తీయడానికి మాత్రమే. అది కంటి దరిదాపులకి రాకూడదు. ఒక చివర చిన్న గిన్నెలా గుంట ఉన్న పుల్ల, పెట్టుకోవడానికి. రెండు మెత్తటి కొమ్ములు ఎదురెదురుగా ఉన్నది, తీయడానికి. రబ్బరు బుడ్డి ఉండి పీల్చి పట్టుకునే ఇంకో రకం కూడా అమ్ముతారు. అది గట్టి లెన్సులు వాడేవాళ్ళది. దాని జోలికి వెళ్ళకు. మీ అమ్మ కనుబొమలు దిద్దుకునే స్టీలు ట్వీజర్ కూడా అంతే.

ఇలా ఇంట్లో ఉన్నదాంతో సర్దుకునే బుద్ధి మన వంశంలోనే ఉంది, నాకు తెలుసు. నిజానికి ఈ మెత్తటి లెన్స్ పుట్టింది కూడా అలాగే. ప్రాగ్‌లో ఒట్టో విఖ్టర్లే అనే రసాయన శాస్త్రవేత్త 1961 క్రిస్మస్ రోజుల్లో, వంటగది బల్లమీద, పిల్లలు ఆడుకునే మెర్కుర్ సెట్టు ముక్కలతో, సైకిల్ డైనమోతో ఒక చిన్న యంత్రం కట్టి మొదటి లెన్సులు పోతపోశాడు. అమెరికాలో అమ్మకానికి అనుమతి వచ్చేసరికి 1971. ఆయన ఆ లెన్సులు చేయడానికి ముందు ఏళ్ళ తరబడి ఆ పదార్థం మీద పనిచేశాడు. నువ్వు మాత్రం హెయిర్‌పిన్నుతో ప్రయోగాలు చేయకు.

ఇప్పుడు పెట్టుకోవడం సంగతి. చేతులు సబ్బుతో కడుక్కుని, బాగా తుడుచుకోవాలి. దేంతో తుడుచుకోవాలన్నది నాకు ఈ పేట నేర్పింది. ఒకప్పుడు ఈస్టిండియా కంపెనీవాళ్ళ బట్టలు ఉతికి చలువ చేసేవాళ్ళు ఉన్న చోటని దీనికి ఆ పేరు. మన పెద్దవాళ్ళు చాకలిపేట అనేవాళ్ళు. ఇప్పుడు ఎం.సి. రోడ్డు పొడుగునా బట్టల కొట్లే. నా చేతుల మీద ఎప్పుడు చూసినా నూగు, దారప్పోగులు, గుర్తులు పెట్టే సుద్ద పొడి. కొత్త టర్కీ టవలుతో తుడుచుకుంటే వేలికి అంటిన ఒక్క నూలు పోగు చాలు, లెన్స్ కింద చేరి రంపంలా కోస్తుంది. అందుకని బాగా ఉతికి ఉతికి నూగు రాలిపోయిన పాత పంచె ముక్క ఒకటి విడిగా పెట్టుకున్నాను. మీ నాన్న పంచె ఒకటి అడుగు, ఇస్తాడు.

తర్వాత అద్దం. నీది మైనస్ 7 కదా, కళ్ళజోడు తీస్తే నీకు స్పష్టంగా కనబడేది దాదాపు 14 సెంటీమీటర్ల దాకానే. అంటే జానెడు కూడా లేదు. గోడ అద్దం ముందు నిలబడి పుల్ల తిప్పుతుంటే నీకు కనిపించేది నీ కన్ను కాదు, మసక ముద్ద. అందుకే భయం కూడా. చేతి అద్దాన్ని బల్లమీద వెల్లకిలా పెట్టి, కింద శుభ్రమైన గుడ్డ పరిచి, దాని మీదకి వంగు. లెన్స్ జారినా గుడ్డమీదే పడుతుంది. అన్నట్టు, కళ్ళజోడు మైనస్ 7 అయితే లెన్స్ డబ్బా మీద 6.50 ఉందేమిటి, తప్పు ఇచ్చారా అని అడిగావు. తప్పు కాదు. జోడు కంటికి కాస్త ఎడంగా ఉంటుంది, లెన్స్ కంటినే అంటుకుని ఉంటుంది. ఆ ఎడం పోయినందుకు ఆ అర పవరు తగ్గింది.

పుల్ల గుంటలో లెన్స్ పెట్టాక పక్కనుంచి చూడు. అంచులు గిన్నెలా నిలబడి ఉంటే సరి. పళ్ళెంలా బయటికి విప్పుకుంటే తిరగబడిందన్నమాట. ఆ గుంటలో నీళ్ళలా లెన్సుల సొల్యూషన్ నిలిచి ఉంటే లెన్స్ దాన్నే పట్టుకుని వేలాడుతుంది, కంటికి దిగదు. లెన్స్ ఎప్పుడూ తడి ఎక్కువున్న వైపుకే మొగ్గుతుంది. కాబట్టి పుల్ల కొస పొడిగా, లెన్స్ తడిగా ఉండాలి. వేలితో పెట్టుకునేవాళ్ళకీ ఇదే సూత్రం. పై రెప్పని ఒక చేత్తో, కింది రెప్పని పుల్ల పట్టిన చేతి నడివేలుతో ఆపి, తిన్నగా చూస్తూ తాకించు. నొక్కకూడదు, తాకిస్తే చాలు. తాకగానే కిందికి చూసి మెల్లగా కన్ను మూసుకో. ఎప్పుడూ కుడికన్నుతోనే మొదలుపెట్టు, లేకపోతే ఏ లెన్స్ ఏ కంటిదో కలిసిపోతుంది. మొదటిరోజు అరగంట పడుతుంది. నాకు గంట పట్టింది. ఏడుపు కూడా వచ్చింది.

లెన్స్ కంటి వెనక్కి పోతుందేమోనని నీకు ఇంకో భయం. పోదు. తెల్లగుడ్డు మీద ఉన్న పలచటి పొర రెప్పల లోపలికి మడతపడి కుట్టేసినట్టు ఉంటుంది. బ్లౌజుకి లోపల లైనింగు అతికినట్టు అనుకో. ఆ మడతలో నక్కి ఉండొచ్చు గానీ దాటి పోలేదు.

ఇక తీయడం. ఇక్కడ నా కథ ఒకటి చెప్పాలి. అక్కకి చెప్పలేదు, నువ్వూ చెప్పకు.

నాలుగేళ్ళ కిందట, దీపావళి ముందు. ఆ రోజుల్లో ఎం.సి. రోడ్డులో కాలు పెట్టే సందు ఉండదు. నా దగ్గర నలభై బ్లౌజులు కుట్టాల్సినవి పడి ఉన్నాయి. రాత్రి పదకొండు దాటింది, కరెంటు పోయింది. ఎమర్జెన్సీ లైటు వెలుతురులో ఎడమ కంటి లెన్స్ తీశాను. దాంతో ఆ కన్ను మసకేసింది. తర్వాత కుడికన్ను. రెండు కొమ్ముల సాధనం పెట్టి నొక్కాను, రాలేదు. మంట పుట్టింది. పొద్దున్నుంచి ఉండి ఎండిపోయి అతుక్కుపోయిందనుకున్నాను. ఇంకాస్త గట్టిగా నొక్కాను. మూడోసారికి కంట్లో ఎండుమిరపకాయ నలిపినట్టయింది. కళ్ళు తుడుచుకుని కింద చూద్దును కదా, పచ్చ పట్టు బ్లౌజు ముక్క మీద నా కుడి లెన్స్ చేప పొలుసులా ఎండిపోయి ఉంది. ఎప్పుడో కన్ను నులుముకున్నప్పుడు జారిపోయి ఉంటుంది. నేను గిల్లుతున్నది నా నల్లగుడ్డునే!

తెల్లారి ఆస్పత్రికి వెళితే డాక్టరమ్మ పసుపుపచ్చని చుక్కలు వేసి నీలం లైటులో చూసింది. గీత పడిన చోట ఆకుపచ్చగా మెరుస్తుందట. పైపొరే చెక్కుకుపోయింది కాబట్టి మూడు రోజుల్లో మానింది. లెన్సులు మాత్రం రెండు వారాలు ముట్టుకోనివ్వలేదు.

అప్పటినుంచీ నాకొకటి తెలిసింది. పుల్లకి స్పర్శ లేదు. వేలికి ఉంది. వేలు పెడితే జారే మెత్తదనం లెన్స్‌దా, కంటిదా అన్నది తెలుస్తుంది. ఎంత నొక్కుతున్నావో వేలు నీకు చెబుతూనే ఉంటుంది. సిలికాన్ కొమ్ము ఏమీ చెప్పదు, నువ్వెంత నొక్కితే అంత నొక్కుతుంది. అందుకని నా మాట విను: పెట్టుకోవడానికి పుల్ల వాడుకో, నాకేం అభ్యంతరం లేదు. తీయడం మాత్రం ముందు వేలితో నేర్చుకో. పైకి చూస్తూ, చూపుడువేలితో లెన్స్‌ని కిందికి, తెల్లగుడ్డు మీదకి జరిపి, అక్కడ బొటనవేలూ చూపుడువేలూ కలిపి మెల్లగా చిటికెలా పట్టు. మధ్యలో ముడుచుకుని, లోపలికి గాలి చేరి, దానంతటదే వదిలేస్తుంది. అది చేతికి వచ్చాకే కొమ్ముల సాధనం తీసుకో. అప్పుడు కూడా తెల్లగుడ్డు మీదే, నల్లగుడ్డు మీద ఎప్పుడూ వద్దు.

తీసే ముందు ఒక్కో కన్నూ మార్చి మార్చి మూసి చూసుకో. గోడమీద క్యాలెండరు అంకెలు కనబడితే లెన్స్ ఉన్నట్టు. నేను ఆ రాత్రి ఆ పని చేసి ఉంటే ఈ కథ ఉండేది కాదు. ఎండి అతుక్కున్నట్టు అనిపిస్తే లెన్సుల కోసం అమ్మే తడి చుక్కలు వేసి, రెప్పలు ఆడిస్తూ కొన్ని నిమిషాలు ఆగు. లెన్స్ కంట్లో కాస్త కదిలాకే ముట్టుకో.

డాక్టరమ్మ ఇంకొక ప్రశ్న అడిగింది: "ఆ సాధనం ఎక్కడ పెడతారమ్మా?" హ్యాండ్‌బ్యాగులోంచి డబ్బా తీసి చూపించాను. మూత తీస్తే లోపల తడి, మడ్డి వాసన. నాకే తల తిరిగింది. చేతులు అంత శ్రద్ధగా కడుక్కునేదాన్ని, పుల్లని తడితోనే మూతపెట్టి వారాల తరబడి మోసుకు తిరిగాను. అది కూడా కంట్లోకి వెళ్ళే వేలే కదా! వాడిన ప్రతిసారీ కొత్త సొల్యూషన్ చుక్కలతో రుద్ది, శుభ్రమైన టిష్యూతో తుడిచి, మూత తీసి ఆరనివ్వాలి. కొస పగిలినా, జిగటగా తయారైనా పారేయాలి. లెన్సుల గూడు మూడు నెలలకోసారి మార్చాలి. గూట్లో నిన్నటి సొల్యూషన్ మీద ఇవాళ్టిది పోయకూడదు, మొత్తం ఒంపేసి కొత్తది పోయాలి.

నీళ్ళ విషయంలో మాత్రం నేను కఠినంగానే ఉంటాను. మా పేటలో మెట్రో వాటర్ లారీ వస్తే బిందెలతో పట్టుకుని కాచుకుని తాగుతాం. కాచిన నీళ్ళయినా, క్యాను నీళ్ళయినా, మీ ఇంట్లో ఫిల్టరు నీళ్ళయినా లెన్స్‌కీ, గూటికీ, పుల్లకీ తగలకూడదు. అకాంతమీబా అనే ఏకకణ జీవి నీళ్ళలో, మట్టిలో ఉంటుంది. నల్లగుడ్డులో చేరితే నెలల తరబడి వైద్యం, ఒక్కోసారి చూపే పోతుంది. లెన్స్ ఎన్నడూ ముట్టుకోనివాళ్ళకి కూడా మురికినీళ్ళ వల్ల అది వచ్చిన కేసులు మన దేశంలో డాక్టర్లు చాలా చూశారు. ఇక లెన్స్ పెట్టుకుని నీళ్ళతో ఆటలాడితే చెప్పేదేముంది?

ఇప్పుడు పెళ్ళి రోజు సంగతి. మంగళస్నానం అయ్యాకే లెన్సులు. కాటుక, మేకప్ అన్నీ లెన్సులు పెట్టుకున్న తర్వాత. తీసేటప్పుడు ముందు లెన్సులు, ఆ తర్వాత మేకప్. గోళ్ళు కాస్త తగ్గించుకో, పెంచుకున్న గోరు ఏ సాధనంతోనూ కుదరదు. పసుపు అంటిన వేళ్ళతో ముట్టుకుంటే లెన్స్‌కి రంగు పట్టేస్తుంది, చూసుకో. తలంబ్రాలు పోసేటప్పుడు అతని ఉత్సాహాన్ని నువ్వు ఆపలేవు, కళ్ళు మూసుకో. ముహూర్తం రాత్రి రెండుగంటల నలభై నిమిషాలకి అన్నావు. హోమం పొగ, నిద్రలేమి, అలసట. అన్నీ అయ్యాక ఏ మూలో కూర్చుని ఒక కునుకు తీద్దామనిపిస్తుంది. లెన్సులతో నిద్రపోతే కంటికి ఇన్ఫెక్షన్ వచ్చే ప్రమాదం ఆరు నుంచి ఎనిమిది రెట్లు పెరుగుతుంది. అందుకే ఆ రోజుకి ఒక్కరోజు వాడి పారేసే రకం తీసుకో. పుల్లా, గూడూ ఏవీ మోయక్కర్లేదు. కళ్ళజోడు మాత్రం మీ అమ్మ బ్యాగులో పెట్టు. కన్ను ఎర్రబడినా, నొప్పెట్టినా, వెలుతురు చూడలేకపోయినా ముహూర్తమని చూడకుండా లెన్స్ తీసేసి జోడు పెట్టుకో. తీసినా తగ్గకపోతే తెల్లారేదాకా ఆగకుండా కళ్ళ డాక్టరుకి చూపించు. పెళ్ళి ఫొటోలో కళ్ళజోడు ఉన్నంత మాత్రాన ఎవరూ పెళ్ళి ఆపరు.

నీ పెళ్ళి బ్లౌజులు మూడు కత్తిరించాను, చేతులు మిగిలాయి. మోచేయి దాకానా, పొట్టి చేతులా అన్నది రాయలేదు. ఆ కొలత ఈ వారంలో పంపు. నేను పెళ్ళికి ముందురోజే వచ్చేస్తాను. తీయడం అప్పటికి నీ చేతికి రాకపోతే నా చేతికి ఇచ్చేయి, కీళ్ళు నొప్పి పెట్టినా ఫరవాలేదు.

ఇట్లు,
మీ పిన్ని