చూరు కింది వరికుచ్చు

ఉద్దేశం

పక్షులకు గింజలు వేయడం మన సంస్కృతిలో ప్రాచీనమైన ఆచారం. అయితే వేసిన గింజ ఎవరి నోటికి అందుతున్నదో గమనించేవారు అరుదు. ఉత్తరాంధ్ర పల్లెలలో చూరుకు వేలాడే వరికుచ్చును ఆధారంగా చేసుకొని, బలవంతులను హింసించకుండానే బలహీనులకు ఆహారం అందించే వివేకాన్ని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పళ్ళెంలోని గింజలు ఎవరివి?

ఎండలు ముదిరే కాలంలో శ్రీకాకుళం, విజయనగరం వంటి పట్టణాలలో దయగల గృహస్థులు మేడ మీద ఒక పళ్ళెంలో నూకలు, ఒక మూకుడులో నీళ్ళు ఉంచడం కనిపిస్తుంది. వారి మనసులో ఉన్న అతిథి పిచ్చుక. కాని పళ్ళెం పెట్టిన కొద్దిసేపటికే కాకి వచ్చి వాలుతుంది. దాని వెనుక పావురాలు గుంపుగా దిగుతాయి. గోరింకలు కలహిస్తూ మిగిలిన చోటును ఆక్రమిస్తాయి. పిట్టగోడ అంచున కూర్చొని కాసేపు ఎదురుచూసిన పిచ్చుక చివరకు ఎగిరిపోతుంది. పిచ్చుక కోసం ఏర్పాటు చేసిన విందులో పిచ్చుకకే విస్తరి దొరకదు.

ఇందుకు కారణం పెద్ద పక్షుల దుర్మార్గం కాదు. శరీర పరిమాణంలోని భేదం. ఊరపిచ్చుక పొడవు సుమారు 15 సెంటీమీటర్లు, బరువు 25 నుండి 30 గ్రాములు. గోరింక బరువు దాదాపు 100 గ్రాములు. పావురం సుమారు 300 గ్రాములు తూగుతుంది. అంటే ఒక్క పావురం పది పిచ్చుకల పెట్టు. కాకి పొడవు 40 సెంటీమీటర్లు. పైగా అది అవకాశం దొరికితే పిచ్చుక గుడ్లను, పిల్లలను కూడా అపహరిస్తుంది. బల్లపరుపుగా ఉన్న పళ్ళెం అందరికీ సమానంగా తెరిచి ఉన్నట్లు కనిపించినా, నిజానికి అది బలవంతునికే చెందుతుంది.

2010లో భారత తపాలా శాఖ పావురానికీ పిచ్చుకకూ తపాలా బిళ్ళలు వెలువరించింది. తపాలా బిళ్ళలపై జోడుగా వెలువడిన ఆ రెండు పక్షులు గింజల పళ్ళెం వద్ద మాత్రం జోడుగా ఇమడవు. భారతదేశ పక్షుల స్థితిగతులపై 2020లో వెలువడిన నివేదిక దేశం మొత్తం మీద పిచ్చుకల సంఖ్య చాలవరకు స్థిరంగా ఉన్నదనీ, మహానగరాలలో మాత్రం తగ్గుతున్నదనీ తెలిపింది. 2023 నాటి నివేదిక పావురాల సంఖ్య ఎంతో పెరిగిందని పేర్కొన్నది. మేడలు పెరిగినచోట, గింజలు గుట్టలుగా పోసినచోట పావురం వర్ధిల్లుతున్నది. కనుక గింజ వేయడంతోనే మన కర్తవ్యం తీరదు. అది ఎవరికి అందేటట్లు వేస్తున్నామన్నది ముఖ్యం.

కుచ్చు కట్టే విధం

ఈ ప్రశ్నకు మన పూర్వులు ఏ గ్రంథమూ రాయకుండానే సమాధానం చెప్పారు. ఆ సమాధానమే వరికుచ్చు.

వంశధార, నాగావళి, చంపావతి నదుల నీటితో పండే ఈ ప్రాంతంలో సార్వా వరి కోతలు హేమంత ఋతువులో సాగుతాయి. కొడవలితో కోసిన పనల నుండి గింజ రాలని, నిండైన వెన్నులను ఏరి, మూర పొడవు కాడలతో వేరుచేస్తారు. కాడలు మరీ ఎండకముందే, ఇంకా వంగే గుణం ఉన్నప్పుడే అల్లిక మొదలు పెడతారు. రెండు మూడు కాడలను జడవలె పెనవేస్తూ, ప్రతి మలుపులోనూ కొత్త వెన్నులను చేర్చుతారు. అల్లిక పైకి, కంకులు కిందికి వచ్చేటట్లు గుండ్రంగా చుట్టి కట్టగా, బంగారు రంగు జాలరులు వేలాడుతున్నట్లుండే కుచ్చు తయారవుతుంది. దానిని పెంకుటింటి చూరుకో, వసారా దూలానికో, గుడి మండపంలోనో వేలాడదీస్తారు.

కొత్త పంట ఇంటికి వచ్చిన సంతోషానికి అది గుర్తు, ధాన్యలక్ష్మికి అలంకారం. అంతకుమించి, పొలంలో తమతోపాటు బతికిన చిన్న ప్రాణులకు రైతు ఇచ్చే భాగం. గృహస్థు నిత్యం చేయవలసిన పంచమహాయజ్ఞాలలో భూతయజ్ఞం ఒకటి. సమస్త ప్రాణులకు ఆహారంలో కొంత భాగం అర్పించడమే దాని స్వరూపం. అక్షరం రాని రైతు కూడా ఆ యజ్ఞాన్ని తన చూరు కిందనే ఆచరించాడు.

కుచ్చులోని వివేకం

వరికుచ్చును శ్రద్ధగా పరిశీలిస్తే అందులో నాలుగు సూత్రాలు ఇమిడి ఉన్నట్లు తెలుస్తుంది.

మొదటిది, కాలు మోపే చోటు లేకపోవడం. పావురం నేల మీదనో, చదునైన చోటనో నిలబడి గింజలు ఏరుకొనే పక్షి. వేలాడే కాడను పట్టుకొని తినడం దానికి చేతకాదు. పిచ్చుక మాత్రం సన్నని కాడను గోళ్ళతో పట్టుకొని, అవసరమైతే తలకిందులుగా వేలాడుతూ గింజను లాగుకొనగలదు.

రెండవది, ఊగడం. సన్నని తాడుకు కట్టిన కుచ్చు 30 గ్రాముల పిచ్చుక వాలితే కొద్దిగా కదిలి నిలుస్తుంది. కాకి వాలబోతే ఒక పక్కకు ఒరిగి గిర్రున తిరుగుతుంది. నిలకడలేని చోట పెద్ద పక్షి ఎక్కువసేపు ఉండదు.

మూడవది, గింజ స్వభావం. కుచ్చులోనిది అన్నం కాదు, నూక కాదు. పొట్టుతో కూడిన వడ్లు. పిచ్చుకకు పొట్టిగా, బలంగా, శంకువు ఆకారంలో ఉండే ముక్కు ఉన్నది. అది వడ్లగింజను నోటిలో దొర్లించి పొట్టు వదిలించుకొంటుంది. గింజలు వెన్నును అంటిపెట్టుకొని ఉండటం వల్ల ఒక్కొక్కటిగానే తీయవలసి వస్తుంది. ఒక్క దాడిలో అంతా దోచుకొనే వీలు ఎవరికీ ఉండదు.

నాలుగవది, మనుషుల సామీప్యం. చూరు కింద, అరుగు మీద ఎప్పుడూ ఎవరో ఒకరు కూర్చొని ఉంటారు. తరతరాలుగా మనిషి ఇంటినే ఆశ్రయించిన పిచ్చుకకు ఆ సందడి అలవాటు. కాకి, రామచిలుక వంటివి అంత దగ్గరకు రావడానికి జంకుతాయి. వేలాడే కంకిని పట్టుకోవడంలో రామచిలుక నేర్పరి. దానిని ఆపేది ఊగే తాడు కాదు, ఈ నాలుగవ సూత్రమే. అందువల్లనే కుచ్చును పెరటి చెట్టుకు కాక వసారాలోపలికి కట్టడం ఆచారమయింది.

ఈ నాలుగింటిలోనూ ఎక్కడా అదిలింపు లేదు, ఉచ్చు లేదు, రాయి లేదు. పెద్ద పక్షిని తరమకుండానే చిన్న పక్షికి చోటు మిగిల్చిన ఏర్పాటు ఇది.

మారిన కోత - మారిన ఇల్లు

నేడు కుచ్చు కనబడకపోవడానికి ప్రజలలో దయ తగ్గడం ఒక్కటే కారణమనడం న్యాయం కాదు. కోతయంత్రం చేలోనే వడ్లను రాల్చి, గడ్డిని వదలివేస్తుంది. అల్లడానికి వీలైన కాడతో కూడిన వెన్ను ఇంటికి చేరదు. పూరిళ్ళు, చుట్టిళ్ళు, పెంకుటిళ్ళు పోయి కాంక్రీటు మేడలు వచ్చాయి. చూరు లేని ఇంటికి కుచ్చు కట్టే చోటూ లేదు, పిచ్చుక గూడు పెట్టుకొనే సందూ లేదు. ఆ విధంగా చూరు నుండి మేడ మీదికి, కుచ్చు నుండి పళ్ళేనికి మన దానం మారింది. రూపం మారినప్పుడు గ్రహీత కూడా మారాడు. దానం చేసేవారికి అది తెలియకపోవడమే విచారకరం.

నేటి ఇంటికి తగిన ఏర్పాట్లు

పాత సూత్రాలను కొత్త ఇంటికి అన్వయించడం కష్టం కాదు.

1. సొంత పొలం ఉన్నవారు యంత్రం దిగకముందే మడి మూల నాలుగు పనలు చేతితో కోయించి కుచ్చులు అల్లుకోవచ్చు. మేడ ఇంటిలో వాటిని బాల్కనీ పైకప్పుకు, కిటికీ సన్‌షేడ్ కిందకు కట్టవచ్చు. దగ్గరలో పెద్ద పక్షి నిలబడి మెడ చాచే గోడ, కడ్డీ ఉండకుండా చూడాలి.

2. గింజలు వేయదలచినవారు వెడల్పు పళ్ళేనికి బదులు వేలాడే సీసాను వాడవచ్చు. దాని చిన్న రంధ్రాల వద్ద వేలెడు పొడవుకు మించని పుల్లలు అమర్చాలి. పొట్టి పుల్ల మీద పిచ్చుక కూర్చోగలదు, పావురం కూర్చోలేదు.

3. పళ్ళేన్నే వాడవలసి వస్తే, దాని చుట్టూ సుమారు 4 సెంటీమీటర్ల గళ్ళున్న గట్టి తీగవలను గంపవలె బోర్లించాలి. గళ్ళ గుండా పిచ్చుక లోపలికి పోతుంది; కాకి, పావురం బయటనే ఆగిపోతాయి. పెద్ద పక్షి మెడకు అందకుండా వలకూ పళ్ళేనికీ మధ్య జానెడు ఎడం ఉండాలి. తీగ కొనలు గుచ్చుకోకుండా వంచాలి.

4. మిగిలిన అన్నం, రొట్టె ముక్కలు, కారపు తినుబండారాలు కాకులను, గోరింకలను ఆహ్వానిస్తాయి. వడ్లు, కొర్రలు, సజ్జలు మేలు. సాయంత్రానికి అయిపోయేటంత మాత్రమే వేయాలి. నేలమీద రాలిన గింజలను ఊడ్చివేయాలి. రాలిన గింజే పావురానికి పిలుపు. పావురాల రెట్ట పేరుకొన్నచోట మనుషులకు ఊపిరితిత్తుల వ్యాధులు వచ్చే ప్రమాదం ఉన్నది కనుక ఈ శుభ్రత మన క్షేమానికీ అవసరం.

5. పిచ్చుకలకు చెక్కపెట్టె గూడు అమర్చేటప్పుడు ద్వారం 32 మిల్లీమీటర్ల వ్యాసానికి మించరాదు. అంతకన్న పెద్దదైతే గోరింక దానిని సొంతం చేసుకొంటుంది.

6. పిచ్చుక పిల్లలకు మొదటి దినాలలో ఆహారం గింజలు కాదు, పురుగులు. పెరటి మొక్కలపై విషపు మందులు చల్లుతూ కుచ్చు కట్టడం వల్ల ప్రయోజనం లేదు.

జిగురు పూయడం, నైలాను దారాలు అడ్డంగా కట్టడం, విషం కలపడం మాత్రం ఎన్నడూ చేయరాదు. వాటిలో మొదట చిక్కుకొనేది మనం కాపాడదలచిన పిచ్చుకే కావచ్చు. పిచ్చుకపై బ్రహ్మాస్త్రమన్న నానుడి అప్పుడు అక్షరాలా నిజమవుతుంది. రామచిలుకల బెడద తప్పించుకొనడానికి వాటిని పట్టి పంజరంలో పెట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

పెద్ద పక్షులు శత్రువులా?

పిచ్చుకకు చోటు కల్పించడమంటే కాకిని ద్వేషించడం కాదు. పితృదేవతల పేర కాకికి పిండం పెట్టే జాతి మనది. వీధులలోని కుళ్ళును తిని శుభ్రం చేసే సేవ దానిది. శ్రీకాకుళం జిల్లాయే ఇందుకు ఒక ఉదాహరణ చూపుతున్నది. టెక్కలి సమీపంలోని తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు ఏటేటా విడిది చేస్తాయి. ఇచ్ఛాపురం సమీపంలోని తేలుకుంచిలో నత్తగుల్ల కొంగలు గూళ్ళు కడతాయి. ఊరి చెట్లన్నీ రెట్టలతో తెల్లబారినా అక్కడి ప్రజలు వాటిని అదిలించరు. వాటి రాకను శుభసూచకంగా భావిస్తారు. అంత పెద్ద పక్షికి చెట్టు ఉన్నది, చెరువు ఉన్నది. పిచ్చుకకు కావలసింది చూరు మాత్రమే. ఎవరి చోటు వారికి ఉన్నప్పుడు పరిమాణం కలహానికి కారణం కాదు.

ఒక ప్రాణిని శత్రువుగా ప్రకటించడం వల్ల కలిగే అనర్థానికి చైనా చరిత్ర సాక్ష్యం. 1958లో ఆ దేశ ప్రభుత్వం ఎలుకలు, ఈగలు, దోమలతోపాటు పిచ్చుకలను కూడా నిర్మూలించవలసిన చీడలుగా ప్రకటించింది. పంట గింజలు తింటున్నాయన్నది ఆరోపణ. ప్రజలు పళ్ళేలు మోగించి, వాటిని వాలనీయక, అలసి రాలిపోయేదాకా తరిమారు. పిచ్చుకలు పోగా పురుగులు ప్రబలి పంటకు హాని కలిగింది. 1960లో పిచ్చుకను ఆ జాబితా నుండి తొలగించి, దాని స్థానంలో నల్లిని చేర్చారు. అక్కడ బలి అయినది ముఖ్యంగా చెట్టుపిచ్చుక. మన తూర్పు కనుమలలోనూ అది నివసిస్తున్నది.

మహాభారతంలోని శిబి కథ మనకు సుపరిచితం. డేగకు భయపడి శరణు కోరిన పావురాన్ని శిబి రక్షించాడు. ఆ కథలోని గొప్పదనం అక్కడితో ముగియదు. ఆకలిగొన్న డేగ చేసిన వాదాన్ని కూడా రాజు న్యాయమైనదిగా అంగీకరించాడు. తన శరీర మాంసాన్నే దానికి ఆహారంగా ఇవ్వబూనాడు. ఒకరిని కాపాడటానికి మరొకరిని పస్తు పెట్టరాదన్నది ఆ కథలోని ధర్మసూక్ష్మం. ఆ కథలో దుర్బలమైన పావురం నేటి మేడ మీద బలవంతుడైనది. బలాబలాలు స్థలాన్ని బట్టి మారుతాయి. ధర్మం మాత్రం మారదు.

దానం చేసే చేతికి దయ ఎంత అవసరమో, చూపు కూడా అంత అవసరం. అందరికీ తెరిచిన పళ్ళెం చూడటానికి ఉదారంగా ఉంటుంది కాని, వెనుక నిలబడినవానికి ఏమీ మిగల్చదు. పిడికెడు వెన్నులతో అల్లిన కుచ్చు వెనుకనున్నవాని కాలి పట్టును, ముక్కు తీరును, గుండె బెరుకును ఎరిగి తయారయింది. పక్షుల విషయంలోనే కాదు, మనుషులకు చేసే సాయంలోనూ పాటించవలసిన నీతి ఇదే.

పదాలు - అర్థాలు

చూరు = ఇంటి కప్పు అంచు
వెన్ను = వరి కంకి
పన = కోసిన వరి చేతికట్ట
సార్వా = వానకాలపు వరి పంట
మూర = మోచేతి నుండి వేలికొన వరకు గల కొలత
గ్రహీత = స్వీకరించేవాడు
దుర్బలం = బలం లేనిది
ధర్మసూక్ష్మం = ధర్మంలోని లోతైన మర్మం

అభ్యాసం

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. వరికుచ్చులో ఇమిడి ఉన్న నాలుగు సూత్రాలను వివరించండి.
2. ‘పెద్ద పక్షులు శత్రువులు కావు’ అన్న అభిప్రాయాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.

సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. నేడు వరికుచ్చులు కనబడకపోవడానికి కారణాలేవి?
2. 1958లో చైనాలో జరిగిన సంఘటన వల్ల గ్రహించవలసిన నీతి ఏమిటి?

సందర్భసహిత వ్యాఖ్యలు
1. రూపం మారినప్పుడు గ్రహీత కూడా మారాడు.
2. బలాబలాలు స్థలాన్ని బట్టి మారుతాయి. ధర్మం మాత్రం మారదు.

ప్రాజెక్టు పని
మీ కళాశాల ఆవరణలో ఒక చదునైన పళ్ళెం, ఒక వరికుచ్చు ఉంచి, వారం రోజులపాటు ఉదయం అరగంట చొప్పున ఏయే పక్షులు దేని వద్దకు వచ్చాయో పట్టికగా రాయండి.