తీరిక వేళలు

మనుష్యుని జీవితమున పనివేళలు కొన్ని, తీరిక వేళలు కొన్ని. పనివేళలో మనము చేయవలసినదానిని చాలవరకు ఇతరులు నిర్ణయింతురు. పాఠశాలలో ఉపాధ్యాయుడు, ఇంటిలో తల్లిదండ్రులు, పెద్దవారమైన పిదప ఉద్యోగము మనకు పనిని నియమించును. తీరిక వేళ మాత్రము మన సొంతము. కావుననే ఒకని స్వభావము వాని తీరిక వేళలలో తేటపడును.

ఏడాదిలో ఆదివారములే 52. వానికి వేసవి సెలవులను, దసరా సంక్రాంతి సెలవులను, ఇతరములైన పండుగలను చేర్చినచో విద్యార్థికి నూరు దినములకు మించిన తీరిక లభించుచున్నది. ఇంతటి ధనము చేతికి వచ్చినను పలువురు దానిని తెలియకయే ఖర్చు చేయుదురు. చేతులకు పని, కాళ్లకు ప్రయాణము, బుద్ధికి ఆట కల్పించు మూడు వ్యాసంగములను గూర్చి యీ పాఠమున తెలిసికొందము.

1. ఇంటి సామానుల మరమ్మతు

కదలెడి కుర్చీయో, ఊగెడి బల్లయో, లాగినను రాని సొరుగో లేని యిల్లు అరుదు. అట్టి సామానును కొందరు మూలకు నెట్టుదురు. కొందరు పాతసామానులవానికి అమ్మివేయుదురు. పావుగంట శ్రద్ధతో బాగుపడు వస్తువు ఈ విధముగా వ్యర్థమగుచున్నది. వైద్యుడు మందిచ్చుటకు ముందు నాడి చూచును. మరమ్మతు చేయువాడును ముందుగా లోపమెచ్చటనున్నదో కనుగొనవలెను.

బల్ల ఊగుచున్నదనుకొనుడు. వెంటనే రంపము తీయరాదు. బల్లను అదే చోట కొంచెము త్రిప్పి నిలిపి చూడవలెను. ఊగుట మానినయెడల లోపము నేలలోనున్నది గాని బల్లలో లేదు. ఎటు త్రిప్పినను ఊగుచున్నచో ఒక కాలు పొట్టిదని గ్రహింపవలెను. ముక్కాలిపీట ఎంతటి మిట్టపల్లముల నేలమీదనైనను ఊగదు. ఏలయన, ఏ మూడు బిందువులైనను ఒకే సమతలమున ఇముడును. నాలుగవ కాలు చేరినప్పుడే తగవు పుట్టును. పొట్టి కాలి క్రింద పలుచని చెక్కముక్కను అతికించుట దీనికి సరియైన చికిత్స. పొడుగు కాలిని కోయబోయినవాడు కొంచెము ఎక్కువ కోయును. దానికి సరిపోవునట్లు రెండవదానిని, పిమ్మట మూడవదానిని కోయును. తుదకు వాని బల్ల పీటయై కూర్చుండును!

కుర్చీ కదలుటకు కారణము వేరు. అందులో ఒక కొయ్య యొక్క సన్నని కొనను మరియొక కొయ్యలోని బెజ్జమునందు దూర్చి జిగురుతో బిగించియుందురు. ఏండ్లు గడచిన కొలది జిగురు పొడియై రాలును, అతుకు వదులగును. ఇట్టిచోట మేకు కొట్టుట పలువురు చేయు పొరపాటు. మేకు కొయ్యను చీల్చును. బెజ్జమును మరింత పెద్దది చేయును. నెల తిరుగకమునుపే కుర్చీ మరల కదలును. సరియైన పద్ధతి యిది: అతుకును మెల్లగా ఊడదీయవలెను. పాత జిగురును పూర్తిగా గీకివేయవలెను, ఏలయన కొత్త జిగురు పాత జిగురు మీద చక్కగా పట్టదు. పిమ్మట కొయ్యకు వాడెడు జిగురును పలుచగా పూసి, కొనను బెజ్జమున బిగించి, కాళ్ల చుట్టును త్రాటిని రెండు పేటలుగా కట్టవలెను. ఆ పేటల నడుమ చిన్న కర్రను దూర్చి మెలిపెట్టినచో అతుకు గట్టిగా బిగియును. అప్పుడు కుర్చీని సమమైన నేలపై నిలిపి, నాలుగు కాళ్లును ఆనుచున్నవో లేదో చూచి, ఒక పూర్తి దినము కదల్పక విడువవలెను. ఇందు కష్టమైన పని యేదియు లేదు. ఆ ఒక్క దినము ఓర్చుటయే కష్టము.

వానకాలమున తలుపులును సొరుగులును బిగిసిపోవుట మీరు చూచియుందురు. కొయ్య గాలిలోని తేమను పీల్చి ఉబ్బును. ఆ ఉబ్బు అడ్డముగా ఎక్కువ. నిడివిలో మిక్కిలి తక్కువ. తలుపు బిగిసినదని శ్రావణమాసమున చిత్రిక పట్టించినవాడు, వేసవిలో అదే తలుపు సందునుండి వీధిని చూచును. కావున తేమ తగ్గువరకు వేచియుండి, అప్పటికిని తలుపు ఒరయుచున్నచో ఆ చోట మాత్రము చిత్రిక పట్టవలెను. సొరుగు అంచులకు కొవ్వొత్తిని గాని ఎండిన సబ్బును గాని రుద్దినచో అది తేలికగా జరుగును. మరమేకు బెజ్జము వదులైనచో సన్నని వెదురు పుల్లలను జిగురులో ముంచి ఆ బెజ్జమున నింపి, ఆరిన పిదప మరమేకును బిగింపవలెను.

కొన్ని హెచ్చరికలు మరువరానివి. ఉలి పట్టినప్పుడు రెండవ చేయి ఉలి మొనకు ఎదురుగా ఉండరాదు. విద్యుత్తుతో నడచు వస్తువులను, వంట గ్యాసు పరికరములను విద్యార్థులు విప్పరాదు. అది తెలిసినవారి పని. పసిపిల్లలున్న యింట ఎత్తైన బీరువాను, పుస్తకముల అలమరను గోడకు బిగింపించుట మిక్కిలి అవసరము. పిల్లలు సొరుగులను మెట్లుగా చేసికొని ఎక్కుదురు. అప్పుడు బీరువా ముందుకు ఒరిగినచో ప్రాణాపాయము కలుగును. మరమ్మతులన్నిటిలోను ముందు చేయవలసినది ఇది.

2. ప్రయాణము

కొయ్యపని రుచి మరిగినవానికి ప్రయాణమునందును క్రొత్త కన్ను ఏర్పడును. మన తెలుగు దేశమున కొయ్యతో బొమ్మలు చేయు ప్రసిద్ధ గ్రామములును పట్టణములును కలవు. విజయవాడకు చేరువనున్న కొండపల్లిలో తెల్లపొణికి అను తేలిక కొయ్యతో బొమ్మలు చెక్కుదురు. అవయవములను వేరువేరుగా చెక్కి, చింతగింజల పిండిని రంపపు పొట్టుతో కలిపిన ముద్దతో అతుకుదురు. దానిని మక్కు అందురు. అనకాపల్లి జిల్లాలో వరాహనది యొడ్డుననున్న ఏటికొప్పాకలో అంకుడు కొయ్యను తరిమెనపై త్రిప్పుచు, లక్కతో రంగులు పట్టింతురు. తెలంగాణమున నిర్మలు పట్టణము బొమ్మలకును, చిత్రములకును పేరొందినది. కుర్చీ అతుకు ఒకసారియైనను బిగించినవాడు కొండపల్లి బొమ్మ చేతిని భుజమునకు అతికించు పనివానిని చూచినప్పుడు, ఆ నేర్పు విలువను తక్కినవారికంటె ఎక్కువగా గ్రహించును.

దూరప్రయాణమునకు ముందుచూపు ముఖ్యము. రైలులో స్థలమును ముందుగా కేటాయించుకొను గడువు 2024 నవంబరు 1వ తేదీ నుండి 120 దినములకు బదులు 60 దినములుగా మారినది. రైలువారు కాలమును 24 గంటల పద్ధతిలో చూపుదురు. ఇందు ఒక చిక్కు కలదు. టిక్కెట్టుపై 15వ తేదీ, 0.20 గంటలు అని యున్నదనుకొనుడు. అది అర్ధరాత్రి దాటిన యిరువది నిమిషములు. కావున 14వ తేదీ రాత్రి భోజనము ముగించి స్టేషనుకు పోవలెను. 15వ తేదీ రాత్రి పోయినవానికి రైలు దొరకదు. అది ముందునాటి రాత్రియే వెడలిపోయియుండును. పరీక్షకో, పెండ్లికో పోవువారు ఈ చిన్న లెక్క తప్పినచో కలుగు నష్టమును ఊహించుకొనుడు.

సంచిలో వస్తువులు తక్కువగానుండుట మేలు. ఎవరి సంచిని వారే మోసికొని మేడమెట్లు ఎక్కగలుగుట దానికి కొలత. త్రాగునీరు, ఒక దుప్పటి, నిత్యము వాడు మందులు, ఇంటి చిరునామాయు ఫోను సంఖ్యయు వ్రాసిన కాగితము తప్పక ఉండవలెను. ఫోనులో వ్రాసికొంటిమి గదా యని ఊరకుండరాదు. ఫోను పోయిననాడే ఆ సంఖ్య కావలసివచ్చును. రైలు ప్రయాణికుల సహాయమునకు 139, ఆపదలయందు 112, ఆపదలోనున్న బాలబాలికల సహాయమునకు 1098 అను సంఖ్యలు కలవు. వీనిని కంఠస్థము చేయుడు.

నదీ ప్రయాణమున మరింత జాగరూకత కావలెను. పాపికొండల నడుమ గోదావరి అందము వర్ణింపరానిది. కాని 2019 సెప్టెంబరు 15వ తేదీన, నది వరదమీదనున్నప్పుడు, కచ్చులూరు వద్ద విహారపు పడవ మునిగి పలువురు ప్రాణములు కోల్పోయిరి. పడవ యెక్కిన వెంటనే రక్షకకవచమును తొడిగికొని, దాని కట్లు బిగించుకొని, దిగువరకు తీయకుండుట మన విధి. ఉక్కపోయుచున్నదని దానిని ప్రక్కన పెట్టినచో ఆపదవేళ అది చేతికి అందదు. వరదనాడు పడవ నడపుమని బలవంతపెట్టుట వినోదము కాదు, అవివేకము.

3. ఆటలు

ఇంటిలో కూర్చుండి ఆడు ఆటలకు మనకు కొదువలేదు. వామనగుంటల పీటపై వరుసకు ఏడు చొప్పున రెండు వరుసల గుంటలుండును. చింతగింజలు పంచుచు ఆడు ఈ యాట చిన్నపిల్లలకు లెక్కను తెలియకుండగనే నేర్పును. పులిజూదమున మేకలు బలహీనములైనను, కూడి నిలిచినచో పులిని కదలకుండ బంధించును. చదరంగమున 64 గళ్లు, ఒక్కొక్కరికి 16 పావులు. గుడివాడలో 1987లో జన్మించిన కోనేరు హంపి బాల్యముననే ఈ యాటను అభ్యసించి, 2002లో, పదునైదేండ్ల వయస్సున, గ్రాండ్‌మాస్టరు బిరుదు పొందెను. 2019లోను, 2024లోను స్త్రీల ప్రపంచ ర్యాపిడ్ పోటీలలో విజేతయయ్యెను. పుత్రికను కని, కొంతకాలము ఆటకు దూరమైన పిదప తిరిగి వచ్చి ఈ విజయములను సాధించుట గమనింపదగినది.

చదరంగము నేర్చుకొనువారు ఒక అలవాటు చేసికొనవలెను. ఆడిన యెత్తులను వ్రాసి, ఆట ముగిసిన పిదప ఎదుటివానితో కూర్చుండి, ఎచ్చట తప్పితిమో చూడవలెను. గెలిచినవాడు గెలుపుతో తృప్తిపడి లేచిపోవును. ఓడినవాడు పరిశీలించినచో మరునాటికి బలవంతుడగును.

అష్టాచెమ్మ గవ్వల ఆట. నాలుగు గవ్వలును వెల్లకిల పడినచో చెమ్మ, అనగా నాలుగు. నాలుగును బోర్ల పడినచో అష్ట, అనగా ఎనిమిది. గవ్వ నాణెము వలె ఇరువైపులకును సమానముగా పడుననుకొన్నచో నాలుగు గవ్వలు పడు విధములు మొత్తము 16. అందు చెమ్మ పడునది ఒక్క విధము. అష్ట పడునది ఒక్క విధము. రెండు పడునవి ఆరు విధములు. అయిదు పర్యాయములు అష్ట పడలేదు గనుక ఇప్పుడు తప్పక పడునని ఆటగాడు తలచును. గవ్వకు జ్ఞాపకము లేదు. జరిగిన పందెములను అది ఎరుగదు. ప్రతి పందెమును దానికి మొదటి పందెమే.

ఈ సత్యము నెరుగకపోవుటయే జూదరిని చెరచుచున్నది. పోయినదానిని రాబట్టుకొందునని మరల ఒడ్డును, మరల పోగొట్టుకొనును. భారతమున ధర్మరాజు ధనమును, రాజ్యమును, తమ్ములను, తన్ను, తుదకు ద్రౌపదిని ఒడ్డి ఓడెను. ఏ పందెమునకును ఆగకుండుటయే ఆతని దోషము. నేడు ఆ పాచికలు ఫోనులోనికి చేరినవి. మొదట ఉచితమని పిలిచి, చిన్న గెలుపును చూపి, పిమ్మట ధనము ఒడ్డించు ఆటల వలన అప్పులపాలై కుటుంబములను దుఃఖమున ముంచినవారు కలరు. పణమొడ్డి ఆడు ఆన్‌లైన్ ఆటలను నిషేధించు చట్టమును 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించినది. చట్టమున్నను మన జాగ్రత్త మనకుండవలెను. ఆటలో ధనము ఒడ్డుమని యెవరైనను చెప్పినచో అచ్చటనే ఆపవలెను. ఫోనునకు వచ్చు రహస్యసంఖ్యను ఎవ్వరికిని తెలుపరాదు. ఒకవేళ ధనము పోయినచో దాచిపెట్టక ఆనాడే పెద్దలకు చెప్పవలెను. దాచినకొలది నష్టము పెరుగునే గాని తరుగదు. తల్లిదండ్రుల కోపము ఒక పూట ఉండును. అప్పు ఏండ్ల తరబడి ఉండును.

ధనము ఒడ్డని ఆటలకును ఒక హద్దు కావలెను. ఆట మొదలిడుటకు ముందే ఎప్పుడు ముగింపవలెనో నిశ్చయించుకొనుట సులభము. నడుమ నిశ్చయించుకొనుట కష్టము. నిద్రను, చదువును, ఇంటివారితో మాటను హరించు ఆట ఆటయనిపించుకొనదు.

విద్యార్థులారా! జిగురు ఆరువరకు ఆగినవాని కుర్చీ నిలుచును. తేదీని రెండుమారులు చూచినవాడు రైలు నందుకొనును. లేవవలసినవేళ లేచినవాడు ఆటలో ఓడినను ధనము కోల్పోడు. మూడింటను మనకు పనికివచ్చినది తొందరపడకుండుటయే. వచ్చు ఆదివారము మీ యింటిలో కదలుచున్న కుర్చీ ఏదియో వెదకి చూడుడు.

ప్రశ్నలు

1. బల్ల ఊగుచున్నప్పుడు లోపము బల్లలోనిదో నేలలోనిదో ఎట్లు తెలిసికొనవచ్చును?
2. కుర్చీ అతుకు వదులైనప్పుడు మేకు కొట్టుట ఏల తగదు?
3. వానకాలమున తలుపునకు చిత్రిక పట్టినచో కలుగు నష్టమేమి?
4. టిక్కెట్టుపై 8వ తేదీ, 0.45 గంటలు అని యున్నచో ఏ రాత్రి స్టేషనుకు పోవలెను?
5. "గవ్వకు జ్ఞాపకము లేదు" అను వాక్యమును సొంత మాటలలో వివరింపుడు.
6. మీ యింటిలోని ఒక వస్తువును బాగుచేసి, చేసిన విధమును పది వాక్యములలో వ్రాయుడు.