బరువుతోపాటు ఓర్పు తగ్గరాదు

పఠనాలు: లూకా 13:6-9, యాకోబు 5:7-8, 1 కొరింతీ 6:19-20

లూకా సువార్త 13వ అధ్యాయంలో క్రీస్తు ప్రభువు ఒక అంజూరపు చెట్టు కథ చెప్పారు. మూడేళ్ళు చూసినా దానికి కాయ కనబడలేదు. యజమాని విసిగిపోయి నరికివేయమన్నాడు. తోటమాలి ఇంకొక్క ఏడాది గడువడిగాడు. ఊరికే గడువడగలేదు. చుట్టూ త్రవ్వి ఎరువు వేస్తానని మాట ఇచ్చాడు. చేయవలసిన పని చేస్తూ ఎదురుచూడటమే ఓర్పు అని ఆ తోటమాలి మనకు నేర్పుతున్నాడు. ఈ వారం మన పాఠం ఆ ఓర్పును గురించే. దానిని నేడు మన ఇళ్ళలో చాలమందిని వేధిస్తున్న ఒక విషయానికి అన్వయించుకొందాం.

"డాక్టరుగారు బరువు తగ్గమన్నారు. నెల రోజులుగా నోరు కట్టుకొన్నాను. అయినా మిషను మీద ముల్లు కదలడం లేదు." ఆదివారం పూజ ముగిసిన తరువాత గుడి ఆవరణలో ఇలాంటి మాటలు తరచు వినబడతాయి. 2019-21 మధ్య జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15-49 ఏళ్ళ స్త్రీలలో మూడింట ఒక వంతుకు పైగా ఉండవలసినదానికంటే ఎక్కువ బరువున్నారు. ఇది పట్నం వారికే పరిమితమైన ఇబ్బంది కాదు. పలాస బట్టీలలో పొద్దస్తమానం కూర్చొని జీడిపప్పు వలిచే స్త్రీకి, పూండి బజారులో కుట్టుమిషను ముందు కూర్చొనే అతనికి, టెక్కలి రోడ్డు మీద ఆటో నడిపే యువకునికి ఒళ్ళు కదిలే అవకాశం తక్కువ. తినే అన్నం మాత్రం పొలం పనివారు తిన్నంత ఉంటుంది.

శరీరం దేవుడు అప్పగించిన సొత్తు

మన శరీరం పవిత్రాత్మకు ఆలయమని పునీత పౌలు కొరింతీయులకు వ్రాశారు. 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం 2288 నుండి 2290 వరకు గల పేరాలలో ఈ విషయాన్ని మూడు మాటలుగా వివరించింది. ప్రాణం, ఆరోగ్యం దేవుడు మనకు అప్పగించిన విలువైన వరాలు గనుక వాటిని తగినట్లు కాపాడుకోవాలి. అయితే శరీరాన్నే దైవంగా చేసికొని దాని అందచందాలకే సర్వం ధారపోయరాదు. తిండిలోను, మద్యంలోను, పొగాకులోను, మందులలోను మితం పాటించాలి. అందువల్ల బరువు తగ్గాలనుకోవడం గర్వం కాదు, పాపమూ కాదు. ఎందుకు తగ్గాలనుకొంటున్నామన్నదే ప్రశ్న. పిల్లలను పెంచడానికి, తోటివారికి సేవ చేయడానికి ఒళ్ళు సహకరించాలని కోరుకొంటే అది మంచి కోరిక. అద్దంలో నన్ను నేను చూసి అసహ్యించుకొంటున్నాను గనుక తగ్గాలి అనుకొంటే, ఆ మనసుకు ముందు ఓదార్పు కావాలి.

ముల్లు ఎందుకు ఆగిపోతుంది?

విభూది బుధవారం నాడు నియమం మొదలుపెట్టినవారికి మొదటి పది రోజులలో రెండు మూడు కిలోలు తగ్గవచ్చు. తరువాత ముల్లు నిలిచిపోతుంది. "దేవుడు నా ప్రార్థన ఆలకించలేదు" అని కొందరు, "నా ఒళ్ళే అంత" అని కొందరు నియమం విడిచిపెడతారు. అసలు లోపల జరిగేది వేరు.

మన కాలేయంలోను, కండరాలలోను కొంత పిండిపదార్థం నిలవ ఉంటుంది. దాని ఒక్కొక్క గ్రాముతో సుమారు మూడు గ్రాముల నీరు చేరి ఉంటుంది. తిండి తగ్గించగానే ముందు ఈ నిలవ కరుగుతుంది, నీరు బయటికి పోతుంది. మొదట తగ్గిన బరువులో ఎక్కువ భాగం ఆ నీరే. కొవ్వు కరగడం నిదానమైన పని. ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కెలోరీల శక్తి దాగి ఉంటుంది. రోజుకు 250 కెలోరీలు తగ్గిస్తే ఒక కిలో కరగడానికి నెల రోజులు పడుతుంది. 250 కెలోరీలంటే ఎంత? ఒక గుప్పెడు, అనగా 30 గ్రాముల జీడిపప్పు, నాలుగు చిన్న చెంచాల పంచదార కలిపితే దాదాపు అంత అవుతుంది. గంటసేపు నడిస్తే ఖర్చయ్యేది సుమారు 200. కనుక నెలకు ఒక కిలో తగ్గినవారు ఓడిపోయినవారు కారు. సరైన లెక్క ప్రకారమే నడుస్తున్నారు.

ఇంకొక సంగతి. బరువు తగ్గినకొద్దీ ఒంటికి కావలసిన శక్తి కూడ తగ్గుతుంది, ఆకలి మాత్రం పెరుగుతుంది. కరవు కాలంలో మనిషిని బ్రతికించడానికి సృష్టికర్త అమర్చిన కాపుదల ఇది. అందువల్ల కొన్ని నెలల తరువాత బరువు ఒకచోట ఆగడం సహజం. పైగా ఊరగాయ ఎక్కువ తిన్నా, స్త్రీలకు నెలసరి దగ్గరపడినా ఒంట్లో నీరు నిలిచి ఒకటి రెండు కిలోలు పెరిగినట్టు కనబడుతుంది. రోజూ తూచుకొనేవారు రోజూ క్రుంగిపోయేది ఇందుకే. వారానికి ఒకసారి, ఒకే రోజున, ఉదయం ఏమీ తినకముందు తూచుకొంటే చాలు.

తూనిక చెప్పని మేలు

మద్రాసులో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం ఒక పరిశోధన జరిపి 2006లో ఫలితాలు ప్రకటించింది. షుగరు వ్యాధి అంచున ఉన్న 531 మందిని తీసికొని సుమారు మూడేళ్ళు పరిశీలించారు. వారిలో కొందరికి నడక, మితాహారం అలవాటు చేశారు. అలా చేసినవారిలో షుగరు వ్యాధి వచ్చే అవకాశం 28.5 శాతం తగ్గింది. ఆశ్చర్యమేమంటే, వారి బరువు చెప్పుకోదగినంతగా తగ్గనే లేదు! ముల్లు కదలకపోయినా లోపల మేలు జరుగుతూనే ఉంది.

కాబట్టి తూనిక ఒక్కదానినే సాక్షిగా పెట్టుకోరాదు. దర్జీ టేపు తీసికొని బొడ్డు మట్టాన నడుము కొలుచుకోండి. మన దేశస్థులలో పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటరాదని వైద్యులు చెబుతారు. బి.పి., షుగరు ఎలా ఉన్నాయి? గుడిమెట్లు ఎక్కితే ఆయాసం తగ్గిందా? జపమాల చెప్పుకోవడానికి మోకరిస్తే మోకాళ్ళు నొప్పిలేకుండా లేస్తున్నాయా? రాత్రి నిద్ర పడుతున్నదా? 80 కిలోల మనిషి నాలుగు కిలోలు తగ్గినా చాలు, ఇవన్నీ మెరుగుపడటం మొదలవుతుంది.

తొందర తెచ్చే ముప్పు

ఓర్పు పోయినచోట మోసం ప్రవేశిస్తుంది. "పదిహేను రోజులలో పది కిలోలు" అనే ప్రకటన విసిగినవారినే పట్టుకొంటుంది.

బెల్జియం దేశపు రాజధాని బ్రస్సెల్సులో ఒక సంఘటన జరిగింది. బరువు తగ్గించే ఒక వైద్యశాలలో 1990 నుండి మాత్రలలో చైనా మూలికల పొడి కలపసాగారు. ఒక మూలికకు బదులు పేరు పోలికవల్ల మరొక విషపు మూలిక అందులో చేరింది. ఆ మందు వాడిన యువతుల మూత్రపిండాలు పాడైనట్లు 1993లో వైద్యులు లోకానికి వెల్లడించారు. తరువాత అలాంటివారు వందమందికి పైగా తేలారు. కొందరు డయాలిసిస్ మీద బ్రతకవలసి వచ్చింది. ఆకులు, వేళ్ళు గనుక హాని చేయవని వారు నమ్మారు. మన పొలం గట్ల మీద మొలిచే గాడిదగడపాకు కూడ ఆ విషపు మూలిక కుటుంబానికి చెందినదే.

ఈ సంఘటనను ఉద్దానం ప్రజలు మరింత శ్రద్ధగా వినాలి. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలలో కిడ్నీ జబ్బు ఎన్ని కుటుంబాలను కుదిపివేసిందో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. షుగరు, బి.పి. లేనివారికి సైతం అది వస్తున్నది. కారణం ఇదేనని ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైనాయి. ఇటువంటి ప్రాంతంలో బరువు తగ్గించే పొడులు, కషాయాలు, మాంసకృత్తుల డబ్బాలు డాక్టరును అడగకుండా వాడటం నిప్పుతో చెలగాటమే. నడిచి మోకాళ్ళు నొప్పెట్టాయని నొప్పిమాత్రలు మ్రింగే అలవాటు కూడ అంతే ప్రమాదం.

నియమం మొదలుపెట్టే ముందు రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీను, షుగరు, బి.పి. చూపించుకోండి. కిడ్నీ జబ్బు ఉన్నవారు నీరు, ఉప్పు, పప్పు, చేపలు ఎంత తీసికోవాలో తమ డాక్టరు చెప్పినట్టే పాటించాలి. ఏ ప్రయత్నం చేయకుండానే బరువు తగ్గిపోతున్నా, ముఖం, కాళ్ళు ఉబ్బి బరువు పెరుగుతున్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. ఈ రెండింటికీ ఓర్పు మందు కాదు.

మన వంటింట్లోనే మందు

ఖరీదైన పథ్యం అవసరం లేదు. అన్నం ఒక గరిటె తగ్గించి, ఆ చోట కూర ఒక గరిటె పెంచండి. పొద్దున పలచని చోడి అంబలి, మధ్యాహ్నం ఆకుకూర, ములక్కాడ, పప్పు, దొరికిననాడు పులుసు పెట్టిన చేప మంచి ఆహారం. చేపను నూనెలో వేపినప్పుడే లెక్క మారుతుంది. ఒక చిన్న చెంచా నూనెలో సుమారు 45 కెలోరీలుంటాయి. కొబ్బరి, జీడిపప్పు మన నేల పంటలు, వాటిని విడిచిపెట్టమనడం లేదు. కాని వంద గ్రాముల పచ్చికొబ్బరిలో దాదాపు 350, అంతే జీడిపప్పులో 550 కెలోరీలున్నాయని గుర్తుంచుకొని కొలిచి తినాలి. టీలో పంచదార సగానికి తగ్గించండి. వారంలో ఐదు రోజులు అరగంట చొప్పున చురుకుగా నడవండి. భార్యాభర్తలు కలసి నడిస్తే మాట్లాడుకోవడానికి కూడ సమయం దొరుకుతుంది.

ఇందులో ఇంటివారి పాత్ర పెద్దది. అమ్మ ఒక్కతే గంజి తాగుతూ తక్కినవారికి వేపుళ్ళు వడ్డించే ఇంట్లో ఆమె నియమం ఎన్నాళ్ళు నిలుస్తుంది? ఇల్లంతా ఒకే వంట తినాలి. పండుగ భోజనంలో "ఇంకొక్క ముద్ద" అని బలవంతపెట్టడం ప్రేమ అనుకొంటాం. వద్దన్నవారి మాట గౌరవించడం కూడ ప్రేమే. ముఖ్యంగా, లావుగా ఉన్న పిల్లలకు పేర్లు పెట్టి పిలవకండి. ఎగతాళివల్ల ఎవరూ సన్నబడరు. దిగులుతో చాటుగా మరింత తింటారు.

ఉపవాసం వేరు, పథ్యం వేరు

విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం నాడు 18 నుండి 59 ఏళ్ళ వారు ఉపవాసముండాలని శ్రీసభ నియమం. అది పశ్చాత్తాపానికి, పేదలతో పంచుకోవడానికి ఏర్పడింది. బరువు తగ్గడానికి దానిని సాధనంగా చూడటం తగదు. వ్యాధిగ్రస్తులకు, గర్భవతులకు ఆ నియమం భారం కాకూడదు. పథ్యం నలభై రోజులతో ముగిసేది కాదు. పునరుత్థాన పండుగ మరునాడు కూడ నిలిచేటంత తేలికైన నియమమే మనకు కావాలి.

మీ మీద మీరు జాలి చూపండి

1846లో విశాఖపట్నం చేరి మన తీరంలో సువార్త పని చేపట్టిన మిషనరీలు పునీత ఫ్రాన్సిస్ ది సాలెస్ పేరు పెట్టుకొన్న సభవారు. ఆ పునీతుడు 1609లో గృహస్థుల కోసం భక్తి జీవనం గురించి ఒక గ్రంథం వ్రాశారు. జింక మరీ బలిసినా, మరీ చిక్కినా సరిగా పరుగెత్తలేదన్న పోలిక చెప్పి, మితిమీరిన ఉపవాసాన్ని కూడ ఆయన వారించారు. తప్పు చేసిన కొడుకును కేకలు వేసిన తండ్రి కంటె మెల్లగా మందలించిన తండ్రి బాగా దిద్దగలడనీ, మన హృదయాన్ని కూడ అలాగే దిద్దుకోవాలనీ బోధించారు. పెళ్ళి విందులో రెండు లడ్లు ఎక్కువ తిన్నారా? "అంతా పాడైపోయింది" అని వారమంతా తినవద్దు, మరునాడంతా పస్తుండవద్దు. తరువాతి పూటనుండి మళ్ళీ మామూలుగా మొదలుపెట్టండి.

ఓర్పు అంటే ఏమిటో ఉద్దానం రైతును అడగాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు తాతల నాటి కొబ్బరి, జీడి తోటలు ఒక్క రాత్రిలో నేలకొరిగాయి. నాటిన దేశవాళీ కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పడుతుందని తెలిసీ రైతు మళ్ళీ గొయ్యి త్రవ్వాడు. వేరు పట్టిందో లేదో చూద్దామని మొక్కను రోజూ పెరికి చూడలేదు. నీరు పోశాడు, కలుపు తీశాడు, ఎదురుచూశాడు. తొలకరి వాన కోసం, కడవరి వాన కోసం ఓపికతో కాచుకొనే సేద్యగాణ్ణి చూసి నేర్చుకోమని పునీత యాకోబు చెప్పింది ఇదే. గలతీయులకు వ్రాసిన లేఖ 5వ అధ్యాయంలో ఓర్పు పవిత్రాత్మ ఫలాలలో ఒకటిగా పేర్కొనబడింది. ఫలం గనుక అదీ నిదానంగానే పండుతుంది.

కుటుంబంలో కలసి ఆలోచించుకొందాం

1. నేను బరువు తగ్గాలనుకోవడం ఎవరి మేలు కోసం?
2. మా ఇంట్లో ఈ ప్రయత్నం చేస్తున్నవారికి మా మాటలు బలమిస్తున్నాయా, గాయం చేస్తున్నాయా?
3. వచ్చే పండుగ తరువాత కూడ విడువకుండా చేయగల ఒక్క చిన్న మార్పు ఏది?

ప్రార్థన: ప్రభువా, నీవిచ్చిన ఈ శరీరాన్ని ప్రేమతో కాపాడుకొనే జ్ఞానం మాకు దయచేయండి. ఫలం కనబడని రోజులలో పని మానకుండ, నిరాశపడకుండ మమ్ము నడిపించండి. మా యెడల మీరు చూపే ఓర్పును మేము ఇతరుల యెడల, మా యెడల కూడ చూపునట్లు చేయండి. ఆమెన్.