అంకెల తాళం



తాళం అనగానే మనకు ఏం గుర్తుకొస్తుంది? తాళంకప్ప, తాళంచెవి. తాళంచెవిని కొంగున కట్టుకుంటాం. బొడ్లో దోపుకుంటాం. గూట్లో దాస్తాం. ఒక్కోసారి ఎక్కడ పెట్టామో మరిచిపోయి ఇల్లంతా వెతుకుతాం.

ఇప్పుడు తాళంచెవి లేకుండా తెరిచే తాళాలు వచ్చాయి. తలుపు మీద అంకెల మీటలు ఉంటాయి. సరైన అంకెలు సరైన వరుసలో నొక్కితే తలుపు తెరుచుకుంటుంది. పట్నంలో అపార్టుమెంట్లలో, ఆఫీసుల్లో ఇవి కనిపిస్తున్నాయి. మనలో చాలామంది ఆ ఇళ్ళల్లో, ఆ ఆఫీసుల్లో పనికి పోతున్నారు. అందుకే ఈ తాళం సంగతి మనకూ తెలియాలి.

మెట్ల మీద కూర్చున్న రోజు

మా చదువు కేంద్రానికి ఒక అక్క వస్తుంది. ఆమె హైదరాబాదులో నాలుగిళ్ళలో పని చేస్తుంది. ఒక ఇంటికి అంకెల తాళం ఉంది. ఆ ఇంటమ్మ పొద్దున్నే ఉద్యోగానికి పోతుంది. అక్కకు అప్పటికి అంకెలు రావు. ఇంటమ్మ వేలు పట్టి చూపించింది. "పైన మూల, నట్టనడుమ, కింద మూల, మళ్ళీ నట్టనడుమ." అక్క అట్లాగే గుర్తు పెట్టుకుంది. రెండేళ్ళు అట్లాగే తలుపు తీసింది.

ఒకరోజు ఇంటమ్మ తొందరలో ఉంది. లిఫ్టు దగ్గర అక్క ఎదురైంది. "నంబరు మార్చాను. ఇదిగో కొత్తది" అని ఒక చీటీ చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. అక్క చీటీ విప్పి చూసింది. నాలుగు గుర్తులు ఉన్నాయి. అవి ఏమిటో తెలియలేదు.

పాత పద్ధతిలోనే నొక్కింది. ఎర్ర దీపం వెలిగింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ ఎర్ర దీపం. నాలుగైదు సార్లయ్యాక తాళం గట్టిగా కూసింది. తర్వాత ఏ మీట నొక్కినా పలకలేదు.

"కింద కాపలా ఆయనను చదవమని అడగలేకపోయినవా అక్కా?" అని నేను అడిగాను.

"ఎట్ల అడుగుత టీచరమ్మా? ఇంటి నంబరు పరాయి మనిషికి చెప్పినట్టే కదా! రేపు ఏదన్న పోతే మాట నా మీదికే వస్తది" అంది.

అక్క సాయంత్రం దాకా మెట్ల మీద కూర్చుంది. మిగతా ఇళ్ళ పనీ ఆగిపోయింది. ఆ వారమే ఆమె చదువుకు వచ్చింది. "ముందు నాకు అంకెలు నేర్పు. అక్షరాలు తర్వాత" అంది. సున్న నుంచి తొమ్మిది దాకా పది అంకెలు. పది రోజుల్లో నేర్చుకుంది.

గది ముందు జగడం

మా బస్తీలో మహిళా సంఘాలకు ఒక గది ఉంది. అందులో రెండు కుట్టుమిషన్లు, బీరువా, సంఘం పుస్తకాలు ఉన్నాయి. దానికి మామూలు తాళం ఉండేది. తాళంచెవి ఒకరి దగ్గరే ఉండేది. ఆమె పెళ్ళికని ఊరికి పోతే మూడు రోజులు గది తెరవలేదు. కుట్టుపని ఆగింది. అందుకని ఇంకో మూడు తాళంచెవులు చేయించారు.

కొన్నాళ్ళకు పొదుపు పుస్తకం ఒకటి కనబడలేదు. "నువ్వు తీసినవంటే నువ్వు తీసినవు" అనుకున్నారు. నలుగురి దగ్గరా తాళంచెవి ఉంది. ఎవరిని అడగాలి? రెండు నెలలు మాటలు లేవు. చివరకు పుస్తకం బీరువా వెనకాల దొరికింది. పుస్తకం దొరికింది కానీ మాటలు అంత తొందరగా కలవలేదు.

అప్పుడు సంఘం వాళ్ళు కూర్చుని అంకెల తాళం పెట్టుకుందాం అనుకున్నారు. దాన్ని పెట్టించింది ఎవరో తెలుసా? మెట్ల మీద కూర్చున్న ఆ అక్కే. "దాని సంగతి నాకు తెలుసు" అని ముందుకొచ్చింది.

తాళం లోపల ఏముంది?

తలుపు బయట మీటల పలక ఉంటుంది. అంకెల వరుస టెలిఫోను మీద ఉన్నట్టే ఉంటుంది.

1 2 3
4 5 6
7 8 9

వీటి కింద నడుమ 0 ఉంటుంది. చాలా తాళాల్లో సున్నకు ఒక పక్కన నక్షత్రం గుర్తు ఉంటుంది. ఇంకో పక్కన రెండు నిలువు గీతలు, రెండు అడ్డ గీతలు కలిసిన గుర్తు ఉంటుంది. దీన్ని 'హాష్' అంటారు. చాలా తాళాల్లో నంబరు నొక్కి చివర ఈ రెండిటిలో ఏదో ఒకటి నొక్కాలి. 'నా నంబరు అయిపోయింది, ఇక చూసుకో' అని తాళానికి చెప్పడం అన్నమాట.

తలుపు లోపలి వైపు బ్యాటరీలు ఉంటాయి. మనం నొక్కిన నంబరును తాళం తన దగ్గర దాచుకున్న నంబరుతో పోల్చి చూస్తుంది. రెండూ ఒకటైతే లోపల చిన్న మోటారు తిరుగుతుంది. గడియ వదులవుతుంది. ఒకటి కాకపోతే మోటారు కదలదు.

లోపల ఉన్నవాళ్ళు బయటికి రావడానికి నంబరు అక్కర్లేకుండా ఉండాలి. పిడి తిప్పితే తలుపు రావాలి. నిప్పు అంటుకుంటే నంబరు నొక్కుతూ కూర్చోలేం కదా! తాళం కొనేటప్పుడే ఈ సంగతి అడగాలి.

తాళం పెట్టుకునే పద్ధతి

తాళం తాళానికి పద్ధతి కొంచెం మారుతుంది. పెట్టెలో ఒక కాగితం వస్తుంది. అందులో బొమ్మలు, అంకెలు ఉంటాయి. దాన్ని పారేయకండి. అక్క ఆ కాగితం ముందు పెట్టుకునే పని చేసింది.

1. ముందు తలుపు మందం కొలవాలి. ఆ కొలతకు సరిపోయే తాళమే కొనాలి. తలుపుకు రంధ్రాలు వడ్రంగితో చేయించాలి.

2. బ్యాటరీలు వేయాలి. చాలా తాళాలకు సన్న బ్యాటరీలు నాలుగు పడతాయి. కూడిక గుర్తు, తీసివేత గుర్తు చూసి వేయాలి. నాలుగూ కొత్తవే వేయాలి. పాతవి, కొత్తవి కలపకూడదు.

3. తలుపు తెరిచి ఉంచే నంబరు పెట్టాలి. ఇది ముఖ్యం. తలుపు మూసి పెడితే, తప్పు జరిగినప్పుడు బయటే నిలబడాల్సి వస్తుంది.

4. తాళంతో పాటు కంపెనీ పెట్టిన నంబరు ఒకటి వస్తుంది. 1 2 3 4 లాంటిది. దాన్ని వెంటనే మార్చాలి. ఆ తాళం కొన్న ప్రతివాళ్ళకూ ఆ నంబరు తెలుసు.

5. ఇప్పుడు 'పెద్ద నంబరు' పెట్టాలి. దీన్ని మాస్టర్ కోడ్ అంటారు. కొత్త నంబర్లు చేర్చడానికి, ఉన్నవి తీసేయడానికి ఇది కావాలి. ఇది ఇద్దరికే తెలియాలి. మా సంఘంలో అధ్యక్షురాలికి, కార్యదర్శికి తెలుసు.

6. తర్వాత ఒక్కొక్కరికి ఒక్కొక్క నంబరు పెట్టాలి. ఎవరి నంబరు వాళ్ళే నొక్కాలి. మిగతావాళ్ళు అటు తిరిగి నిలబడాలి.

7. తలుపు తెరిచి ఉండగానే గడియ బయటికి తెచ్చి, అందరూ తమ నంబరు నొక్కి చూడాలి. గడియ ప్రతిసారీ లోపలికి పోతోందా? పోతేనే తలుపు మూయాలి.

నాలుగు అంకెలు ఎందుకు?

గోడలోంచి డబ్బు ఇచ్చే యంత్రం 1967లో లండన్‌లో ఒక బ్యాంకు శాఖ దగ్గర మొదలైంది. దాన్ని తయారుచేయించిన వాళ్ళలో జాన్ షెపర్డ్-బారన్ ఒకరు. ఆయన పుట్టింది మన దేశంలోనే, షిల్లాంగ్‌లో. ఆరు అంకెల నంబరు పెడదామని ఆయన మొదట అనుకున్నాడట. ఇంట్లో భార్యను అడిగాడట. "నాకు నాలుగే గుర్తుంటాయి" అని ఆమె అన్నదట. అట్లా నాలుగు అంకెలు పెట్టానని ఆయనే తర్వాత చెప్పాడు. ఆరు అంకెలు గుర్తుండవని మనం సిగ్గుపడక్కర్లేదు!

అయితే అంకెలు పెరిగితే కాపలా గట్టిపడుతుంది. ఈ లెక్క చూడండి.

ఒక్కో చోట పది అంకెల్లో ఏదైనా పెట్టవచ్చు. నాలుగు చోట్లకు 10 × 10 × 10 × 10 = 10,000 నంబర్లు అవుతాయి. ఆరు చోట్లకైతే 10,00,000. అంటే పది లక్షలు.

ఇప్పుడు ఇంకో లెక్క. నాలుగు మీటల మీదే జిడ్డు మరకలు ఉన్నాయనుకోండి. నంబరులో ఆ నాలుగు అంకెలే ఉన్నాయని దొంగకు తెలిసిపోతుంది. ఆ నాలుగింటిని 4 × 3 × 2 × 1 = 24 రకాలుగానే పేర్చగలం. పది వేలు ఎక్కడ? ఇరవై నాలుగు ఎక్కడ? అందుకే వారానికి ఒకసారి మీటలన్నీ పొడిబట్టతో తుడవాలి. అప్పుడప్పుడు నంబరు మార్చాలి.

ఎట్లాంటి నంబరు పెట్టుకోవాలి?

మా కేంద్రంలో ఒక పెద్దమ్మ ఉంది. "నాకు యాదికుండదు బిడ్డా. నా కొడుకు పుట్టిన సంవత్సరం పెట్టు" అంది.

"అది బస్తీ అంతా తెలుసు పెద్దమ్మా" అన్నాను.

పుట్టిన సంవత్సరం, ఇంటి నంబరు, ఫోను నంబరు చివరి అంకెలు పెట్టకండి. 1 1 1 1, 1 2 3 4 అసలే వద్దు. మీకు మాత్రమే తెలిసిన రెండు సంగతులు కలపండి. మీ పెళ్ళికి పెట్టిన గిన్నెలు 27. మీ మొదటి రోజు కూలి 35 రూపాయలు. రెండూ కలిపి రాస్తే 2735. గుర్తుంటుంది కదా! ఈ పుస్తకంలో రాసిన నంబరు మాత్రం పెట్టుకోకండి.

నంబరు తలుపు పక్కన గోడ మీద రాయకండి. నొక్కేటప్పుడు ఇంకో చెయ్యి అడ్డం పెట్టండి.

బ్యాటరీ అయిపోతే?

బ్యాటరీ తగ్గేటప్పుడు తాళం ముందే చెబుతుంది. కూత వస్తుంది, లేదా ఎర్ర దీపం మినుకుతుంది. 'రేపు చూద్దాం' అనుకోకండి. ఆ రోజే కొత్తవి వేయండి.

పూర్తిగా అయిపోతే ఏం చేయాలి? కొన్ని తాళాలకు మామూలు తాళంచెవి కూడా ఇస్తారు. దాన్ని గది లోపల బీరువాలో దాస్తే ఏం లాభం? వేరే ఇంట్లో పెట్టాలి. కొన్ని తాళాలకు కింద రెండు లోహపు చుక్కలు ఉంటాయి. వాటికి తొమ్మిది వోల్టుల చదరపు బ్యాటరీ ఆనించి పట్టుకుని నంబరు నొక్కాలి. తలుపు వస్తుంది. తర్వాత లోపలి బ్యాటరీలు మార్చుకోవాలి.

వరుసగా తప్పు నొక్కితే చాలా తాళాలు కొంతసేపు ఆగిపోతాయి. అక్క ఆ రోజు చూసింది అదే. తాళం చెడిపోలేదు. దొంగలను ఆపడానికే అట్లా చేశారు. కొద్ది నిమిషాలు ఆగి, సరైన నంబరు నొక్కితే సరిపోతుంది.

ఎవరి నంబరు వాళ్ళదే

సంఘం నుంచి ఒకరు వెళ్ళిపోయారనుకోండి. మామూలు తాళమైతే తాళమే మార్చాలి. ఆమె ఇంకో తాళంచెవి చేయించిందేమో ఎవరికి తెలుసు? అంకెల తాళంలో ఆమె నంబరు ఒక్కటి తీసేస్తే చాలు. మిగతావాళ్ళ నంబర్లు అట్లాగే ఉంటాయి.

కొన్ని తాళాలు ఏ నంబరుతో ఏ వేళకు తలుపు తీశారో గుర్తు పెట్టుకుంటాయి. ఫోనులో చూసుకోవచ్చు. ఇళ్ళల్లో పని చేసే అక్కలు ఈ మాట బాగా వినండి. ఇంటివాళ్ళ నంబరే మీకు చెబితే, ఎవరు తలుపు తీశారో తేలదు. "నాకు వేరే నంబరు పెట్టండమ్మా" అని అడగండి. ఇది మీ మంచికి, వాళ్ళ మంచికి.

కానీ ఒక సంగతి. తాళానికి నంబరు తెలుసు. నొక్కిన చెయ్యి ఎవరిదో తెలియదు. మీ నంబరు చెల్లెలికి చెప్పి పంపినా, అది మీరు తీసినట్టే లెక్క. అందుకే ఎవరికీ చెప్పవద్దు.

ఈ తాళం అందరికీ అవసరం లేదు. ఖర్చు ఎక్కువ. మన ఇంటికి మంచి తాళంకప్ప ఉంటే చాలు. పదిమంది వచ్చిపోయే గదికి ఇది పనికొస్తుంది.

మా సంఘం గదికి ఇప్పుడు పన్నెండు నంబర్లు ఉన్నాయి. నిన్న పెద్దమ్మ నాకంటే ముందే వచ్చింది. నన్ను అటు తిరగమంది. నాలుగు అంకెలు నొక్కింది. పచ్చ దీపం వెలిగింది. "రా బిడ్డా, తలుపు నేనే తీసిన" అంది.

మాట్లాడుకోండి

1. అక్క చీటీని కాపలా ఆయనతో చదివించలేదు. అది సరైన పనేనా? మీరైతే ఏం చేసేవారు?
2. పొదుపు పుస్తకం కనబడనప్పుడు జగడం ఎందుకు పెరిగింది?
3. నంబరు పెట్టేటప్పుడు తలుపు ఎందుకు తెరిచి ఉంచాలి?

లెక్క చేయండి

1. మూడు అంకెల తాళమైతే ఎన్ని నంబర్లు పెట్టవచ్చు?
2. ఒక తాళానికి 4 బ్యాటరీలు. ఏడాదికి రెండుసార్లు మారిస్తే మొత్తం ఎన్ని కావాలి?

రాయండి

0 నుంచి 9 దాకా అంకెలు టెలిఫోను మీద ఉన్న వరుసలో రాయండి. మీ రహస్య నంబరు మాత్రం రాయకండి!