రక్తము గడ్డకట్టకుండ వాడు మందులు – ఫార్మసిస్టు సహాయము

సంగారెడ్డి జిల్లాలో పటాన్‌చెరు, బొల్లారము ప్రాంతముల కర్మాగారములలో మందులు తయారగుచున్నవి. అయినను మందులు తయారగు తావున నుండుట వేరు, మందుల సంగతి తెలియుట వేరు. పనినుండి మరలివచ్చువారు నడుము నొప్పికి దారిలో బిళ్ళలు కొని మ్రింగుట సామాన్యము. గుండెలో కృత్రిమ కవాటము అమర్చబడినవారు, కాలి సిరలలో రక్తము గడ్డకట్టినవారు వార్ఫరిన్, అసెనోకూమరాల్ వంటి మందులు వాడుచుందురు. అట్టివారికి ఆ నొప్పిబిళ్ళయే ప్రాణాపాయము కలిగింపవచ్చును.

వీనిని రక్తము పలుచన చేయు మందులందురు. నిజమునకు రక్తము పలుచబడదు, గడ్డకట్టుట మందగించును. 1920 దశాబ్దిలో ఉత్తర అమెరికాలో బూజుపట్టిన ఎండుమేత తిన్న పశువులు రక్తస్రావముతో చనిపోయినవి. దాని కారణమును పరిశోధింపగా వార్ఫరిన్ లభించినది. అది 1948లో ఎలుకల మందుగాను, 1954లో మనుష్యుల చికిత్సకును వాడుకలోనికి వచ్చినది. కావున దీని మోతాదు తూచినట్లుండవలెను. ఐ.ఎన్.ఆర్. అను రక్తపరీక్ష ఫలితము పెక్కుమందికి 2, 3ల మధ్య ఉండునట్లు వైద్యులు మోతాదును నిర్ణయింతురు.

ఈ తూకమును ఇతర మందులు చెరచును. డైక్లోఫెనాక్, ఇబుప్రొఫేన్ కడుపులో రక్తస్రావము కలిగింపవచ్చును. మెట్రోనిడజోల్, కోట్రైమాక్సజోల్, ఫ్లూకోనజోల్ వార్ఫరిన్ బలమును హెచ్చించును. క్షయరోగమునకిచ్చు రిఫాంపిసిన్ దానిని తగ్గించును. అప్పుడు రక్తము గడ్డకట్టు భయము కలదు. ఆకుకూరలు మానవలసిన పనిలేదు. ఒక వారము మిక్కుటముగాను, మరొక వారము బొత్తిగా లేకుండను తినరాదు.

ఇచ్చట ఫార్మసిస్టు కాపలాదారు వంటివాడు. 1948 నాటి ఫార్మసీ చట్టము ప్రకారము వైద్యుని చీటిపై మందులిచ్చుటకు రిజిస్టరయిన ఫార్మసిస్టు ఉండవలెను. రోగి వాడు మందులన్నిటిని అడిగి తెలిసికొనుట, పొసగని మందు కనబడినచో ఇచ్చుటకు ముందే వైద్యుని సంప్రదించుట, రోగికి జాగ్రత్తలు చెప్పుట అతని పని. మోతాదు మార్చుట మాత్రము వైద్యుని పనియే. రోగి తన సంగతి దాచినచో ఫార్మసిస్టు చేయగలిగినది లేదు.

కావున పంచాయతీ సభ్యులు గ్రామసభలో ఈ విషయము తెలుపవలెను. ఇట్టి మందు వాడువారు తమ చీటిని, పరీక్షల పుస్తకమును ఎల్లప్పుడు వెంట నుంచుకొనునట్లు ఆశా కార్యకర్తల ద్వారా చెప్పింపవలెను. చిగుళ్ళనుండి రక్తము కారినను, మలము నల్లబడినను, మూత్రము ఎఱ్ఱబడినను, తలకు దెబ్బ తగిలినను ఆలసింపక ఆసుపత్రికి చేర్చవలెను. “నేను రక్తము గడ్డకట్టని మందు వాడుచున్నాను” అని దుకాణములో చెప్పు ఒక్క మాట ఒక ప్రాణమును నిలుపగలదు.